ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌కి ఏ బుక్? ముందు ఫోల్డ్ చాప్టర్ తీసి చూడండి

ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ నేర్చుకుందామనుకుంటున్నా, ఏ బుక్ చదవాలి అని ఎవరడిగినా నేను వెంటనే పేరు చెప్పను. మీ దగ్గరున్న బుక్‌లోనో నెట్‌లో శాంపిల్‌గా దొరికే పేజీల్లోనో ఫోల్డ్ గురించి, అంటే లిస్ట్ మొత్తాన్ని ఒక్క ఆన్సర్‌గా కుదించే ఫంక్షన్ గురించి, ఎక్కడ చెప్పారో వెతకండి అంటాను, కొన్ని భాషల్లో దాన్నే రెడ్యూస్ అంటారు, ఆ పేజీ ఒక్కటే కాదు దానికి ముందున్న చాప్టర్ కూడా చదవండి, ఆ బుక్ మీకు నేర్పిస్తుందా లేక ఊరికే చెప్పుకుంటూ పోతుందా అన్నది అక్కడే తేలిపోతుంది.

ఎందుకో చెప్తా. ఒక లిస్ట్‌లో నంబర్లన్నీ కూడాలి అనుకోండి. లిస్ట్ ఖాళీ అయితే ఆన్సర్ 0, లేకపోతే మొదటి నంబర్‌కి మిగతా లిస్ట్ మొత్తం కలపాలి, అంతే, లూప్ లేదు, మారుతూ పోయే వేరియబుల్ లేదు, ఫంక్షనల్ పద్ధతి అంటే ఇదే. ఇప్పుడు అన్నిటినీ గుణించాలి. ఖాళీ అయితే 1, లేకపోతే మొదటిదాన్ని మిగతావాటి లబ్ధంతో గుణించాలి. లిస్ట్ పొడవు కావాలంటే ఖాళీకి 0, లేకపోతే మిగతా లిస్ట్ పొడవుకి 1 కలపాలి. ఈ మూడూ మీ చేత్తో మీరు రాసి ఒకదాని కింద ఒకటి పెట్టి చూసుకోండి, మూడూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి. మారేవి రెండే రెండు, ఖాళీ లిస్ట్‌కి ఏమివ్వాలి, మొదటిదాన్ని మిగతాదాని రిజల్ట్‌తో ఎలా కలపాలి. ఆ రెండిటినీ ఆర్గ్యుమెంట్లుగా బయటికి లాగేస్తే మిగిలేదే ఫోల్డ్. ఇలా మీరే కనిపెట్టిన ఫోల్డ్ జన్మలో మర్చిపోరు. మ్యాప్, ఫిల్టర్, రెడ్యూస్ అని మూడు టూల్స్ ఉన్నాయి, ఇదీ సింటాక్స్, ఇదీ ఉదాహరణ, ఇక నెక్స్ట్ చాప్టర్ అని పరుగెత్తే బుక్కులు బోలెడు, వాటిలో చదివింది వారం తిరిగేసరికి గుర్తుండదు, తప్పు చదివేవాళ్ళది కాదు, అసలు ఆలోచన ఎక్కడ పుట్టిందో ఆ బుక్ చూపించలేదు.

ఈ దారి మొత్తం కొన్ని పేజీల్లోనే చూడాలనుకుంటే ఏ బుక్కూ కొనక్కర్లేదు, జాన్ హ్యూజ్ రాసిన వై ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ మ్యాటర్స్ అనే పేపర్ ఉంది, 1989లో అచ్చయింది, నెట్‌లో ఫ్రీగా దొరుకుతుంది. పేపర్ అనగానే భయపడకండి, మామూలు ప్రోగ్రామర్‌కి అర్థమయ్యేలానే రాశాడు. ఫంక్షనల్ అంటే వేరియబుల్ విలువ మార్చే అసైన్‌మెంట్ లేకపోవడం, ఫంక్షన్ బయట ఏదైనా మార్చే సైడ్ ఎఫెక్ట్ లేకపోవడం అని లేనివాటి లిస్ట్ చదివితే ఎవరికీ ఉత్సాహం రాదు, ఉన్నదేంటో చెప్పాలి కదా అని మొదలుపెట్టి, చిన్న ముక్కల్ని అతికించి పెద్ద ప్రోగ్రామ్ కట్టడానికి రెండు కొత్త జిగుర్లు దొరుకుతాయి, ఫంక్షన్లనే ఆర్గ్యుమెంట్లుగా తీసుకునే హయ్యర్ ఆర్డర్ ఫంక్షన్లు ఒకటి, అవసరమైనప్పుడే లెక్కకట్టే లేజీ ఎవాల్యుయేషన్ రెండోది, అని చూపిస్తాడు. నేను పైన చెప్పిన కూడిక నుంచి ఫోల్డ్ దాకా నడక అందులోనూ ఉంది, అక్కడితో ఆగకుండా అదే ఫోల్డ్‌ని చెట్ల మీదికి, అంటే కొమ్మలుగా విడిపోయే డేటా మీదికి, తీసుకెళ్తాడు, చివరికి గేమ్ ఆడే ప్రోగ్రామ్ దాకా వెళ్తాడు. ఏ బుక్ మొదలుపెట్టేముందైనా ఇది చదవండి, మిగతా బుక్కుల్ని తూచడానికి మీ చేతిలో ఒక కొలత ఉంటుంది.

ఇక బుక్కుల సంగతి. ప్రోగ్రామింగ్ కాస్త వచ్చు, హాస్కెల్ అనే ఫంక్షనల్ భాష నేర్చుకుంటూ ఈ పద్ధతి పట్టుకోవాలి అనుకునేవాళ్ళకి నా మొదటి మాట గ్రాహమ్ హట్టన్ రాసిన ప్రోగ్రామింగ్ ఇన్ హాస్కెల్. ఇందులో రికర్షన్, అంటే ఫంక్షన్ తనని తానే పిలుచుకోవడం, ఆరో చాప్టర్, హయ్యర్ ఆర్డర్ ఫంక్షన్లు ఏడో చాప్టర్, అంటే ముందు చేత్తో రాయిస్తాడు తర్వాత అందులో ఉన్న ఆకారం చూపిస్తాడు, నేను అడిగే వరస సరిగ్గా ఇదే. ప్రతి చాప్టర్ చివర ఎక్సర్‌సైజులు తక్కువే ఉంటాయి కానీ ఒక్కటి కూడా దండగ లేదు. మోనాడ్ గురించి కూడా ఇందులో చదవమంటాను, ఎందుకంటే ఆయన ఏ పోలికలూ తీసుకురాడు, సున్నాతో భాగిస్తే ఫెయిలవ్వాల్సిన చిన్న లెక్కల ఎవాల్యుయేటర్ ఒకటి రాస్తాడు, ప్రతి స్టెప్‌లో ఫెయిలైందా లేదా అని చెక్ చేస్తూ పోతే కోడ్ ఎంత గజిబిజి అవుతుందో చూపిస్తాడు, ఆ రిపీటయ్యే చెక్‌ని బయటికి లాగుతాడు, లాగాక చేతిలో ఉన్నదే మోనాడ్. ఫోల్డ్ విషయంలో చేసిందే ఇంకోసారి, ఇంకో మెట్టు పైన.

ఒక జాగ్రత్త, రెండో ఎడిషన్ తీసుకోండి, 2016లో వచ్చింది. మొదటిది 2007ది. హాస్కెల్ బుక్కులకి ఎడిషన్ చాలా ముఖ్యం, 2015లో వచ్చిన జీహెచ్‌సీ 7.10 కంపైలర్ నుంచి మోనాడ్ ఇన్‌స్టెన్స్, అంటే మన టైప్‌ని మోనాడ్‌గా వాడుకోవడానికి రాసే కోడ్, రాయాలంటే ముందు దానికి పునాది లాంటి ఫంక్టర్, అప్లికేటివ్ ఇన్‌స్టెన్సులు కూడా రాసి తీరాలి, దానికి ముందు వచ్చిన బుక్కుల్లో సొంత మోనాడ్ డిఫైన్ చేసే కోడ్ ఉన్నదున్నట్టు టైప్ చేస్తే ఎర్రర్ వస్తుంది. 2008లో వచ్చిన రియల్ వరల్డ్ హాస్కెల్ అప్పట్లో చాలా మంచి బుక్, ఫైళ్ళు, పార్సింగ్, డేటాబేస్, నెట్‌వర్క్ అన్నీ కవర్ చేసింది, కానీ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దాన్ని పట్టుకుంటే తప్పు తమదా బుక్‌దా అని అర్థం కాక సగం టైమ్ అక్కడే పోతుంది, అందుకే మొదటి బుక్‌గా వద్దంటాను. అదే స్కీమ్ అనే ఇంకో భాష బుక్కులకి ఈ బాధ దాదాపు లేదు, భాషే చిన్నది, 1996లో అచ్చయిన కోడ్ ఇప్పటికీ చాలావరకు అలాగే నడుస్తుంది.

లర్న్ యు ఎ హాస్కెల్ సంగతి కూడా చాలామంది అడుగుతుంటారు, నెట్‌లో ఫ్రీ, బొమ్మలతో హాయిగా చదివించేస్తుంది. చదవండి, తప్పేం లేదు. కానీ అందులో ఎక్సర్‌సైజులు లేవు, చదువుతున్నంతసేపూ అంతా అర్థమైపోతున్నట్టే ఉంటుంది, ఖాళీ ఫైల్ తెరిచి సొంతంగా ఏదైనా రాద్దామంటే చెయ్యి కదలదు. పక్కన హట్టన్ బుక్ పెట్టుకుని ప్రతి టాపిక్‌కీ ఎక్సర్‌సైజులు అక్కడినుంచి చేసుకుంటూ పోతే ఆ లోటు తీరిపోతుంది.

అసలు ప్రోగ్రామింగే కొత్త అయితే హౌ టు డిజైన్ ప్రోగ్రామ్స్ చదవండి, రెండో ఎడిషన్ మొత్తం నెట్‌లో ఫ్రీగా పెట్టారు, స్కీమ్ నుంచి పుట్టిన రాకెట్ అనే భాష వాడుతుంది. దీనిలో గొప్పతనం డిజైన్ రెసిపీ అనే పద్ధతి, ముందు డేటా ఎలా ఉంటుందో మాటల్లో రాయి, ఫంక్షన్ ఏం తీసుకుని ఏమిస్తుందో రాయి, ఉదాహరణలు రాయి, డేటా ఆకారాన్ని బట్టి టెంప్లేట్ దించు, అప్పుడు కోడ్ నింపు, ఆపైన టెస్ట్ చెయ్యి. మొదట్లో ఇంత చిన్న ఫంక్షన్‌కి ఇంత తతంగం ఎందుకు అనిపిస్తుంది, కానీ చెట్ల లాంటి డేటా వచ్చేసరికి ఎక్కడ రికర్షన్ పెట్టాలో బుర్ర బద్దలు కొట్టుకోకుండా టెంప్లేటే చెప్పేస్తుంది, అప్పుడు తెలుస్తుంది దీని విలువ. ఈ బుక్ చాలా పెద్దది, ఎక్సర్‌సైజులన్నీ చెయ్యక్కర్లేదు, వదిలెయ్యకూడనిది మాత్రం లిస్టుల తర్వాత వచ్చే అబ్‌స్ట్రాక్షన్ భాగం, అక్కడ రెండు ఫంక్షన్లు పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడుందో గుర్తుపట్టమంటారు.

ఎస్ఐసీపీ, అంటే స్ట్రక్చర్ అండ్ ఇంటర్‌ప్రిటేషన్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామ్స్, 1985లో మొదటి ఎడిషన్, 1996లో రెండోది, ఏబెల్‌సన్, సస్‌మన్ రాశారు, కోడ్ స్కీమ్‌లో ఉంటుంది, ఇదీ నెట్‌లో ఫ్రీనే. నాకు చాలా చాలా ఇష్టమైన బుక్. దీనిలో నాకు అన్నిటికంటే నచ్చింది చాప్టర్ల వరస. మొదటి రెండు చాప్టర్లలో ఎక్కడా అసైన్‌మెంట్ ఉండదు, సింబాలిక్ డిఫరెన్షియేషన్ లాంటివి చేసేస్తారు, మనకి అది లేదన్న సంగతే గుర్తురాదు. మూడో చాప్టర్‌లో బ్యాంక్ అకౌంట్ ఉదాహరణతో మొదటిసారి అసైన్‌మెంట్ తెస్తారు, ఆ క్షణం నుంచి ఒక ఎక్స్‌ప్రెషన్ బదులు దాని విలువ పెట్టేసి ఆలోచించే సులువైన పద్ధతి పనిచెయ్యదు, ఎన్విరాన్‌మెంట్లు, అంటే ఏ పేరుకి ఏ విలువ ఉందో చూపే పట్టికలు, గీసుకుంటూ ఎవరు ఏ వేరియబుల్‌ని ఎప్పుడు మార్చారో లెక్కపెట్టుకోవాలి. మ్యుటేషన్‌కి, అంటే ఇలా విలువలు మార్చడానికి, మనం ఏం ధర కడుతున్నామో ఇంత స్పష్టంగా చూపించిన బుక్ నేనైతే ఇంకోటి చూడలేదు. కానీ అందరికీ మొదటి బుక్‌గా చెప్పను, ఎక్సర్‌సైజులు 350కి పైగా ఉన్నాయి, వాటిలో చాలావాటికి లెక్కలు బాగా రావాలి, ప్రైమ్ నంబర్లు, న్యూటన్ పద్ధతి లాంటివి మొదటి చాప్టర్‌లోనే వచ్చేస్తాయి, లెక్కలంటే ఇబ్బంది ఉన్నవాళ్ళు ప్రోగ్రామింగ్ రాక కాదు లెక్కలు రాక ఆగిపోతారు. హౌ టు డిజైన్ ప్రోగ్రామ్స్ రాసినవాళ్ళు కూడా దీని మీద ఇదే అభ్యంతరం చెప్పారు. స్కీమ్ బ్రాకెట్లు పడనివాళ్ళకి 2022లో జావాస్క్రిప్ట్ ఎడిషన్ కూడా వచ్చింది.

రికర్షన్ ఒక్కటే ఎంతకీ ఎక్కట్లేదు అంటే ది లిటిల్ స్కీమర్. పేజీకి ఎడమవైపు ప్రశ్న, కుడివైపు జవాబు, మొత్తం బుక్ అలానే సాగుతుంది. కుడివైపు చేత్తో మూసేసి జవాబు ముందు మీరు చెప్పాలి, ఊరికే రెండువైపులా చదువుకుంటూ పోతే ఒక్క రోజులో అయిపోతుంది కానీ ఏమీ మిగలదు. తొమ్మిదో చాప్టర్‌లో పేరు లేని ఫంక్షన్ తనని తాను ఎలా పిలుచుకోగలదు అన్నదాంతో వై కాంబినేటర్ దాకా వెళ్తుంది, అక్కడ కాగితం పెన్ను తప్పనిసరి, తొందరపడకండి.

ఉద్యోగంలో రోజూ జావాస్క్రిప్ట్ రాస్తూ కొత్త భాషకి టైమ్ లేనివాళ్ళు ఉంటారు కదా, వాళ్ళకి ఎరిక్ నార్మండ్ రాసిన గ్రోకింగ్ సింప్లిసిటీ, 2021. ప్రతి కోడ్ ముక్కనీ యాక్షన్, కాలిక్యులేషన్, డేటా అని మూడుగా విడదీయడం నేర్పిస్తుంది. ఎప్పుడు నడిపామో, ఎన్నిసార్లు నడిపామో అన్నదాన్ని బట్టి ఫలితం మారితే అది యాక్షన్, ఇన్‌పుట్ ఒకటే అయితే ఎప్పుడైనా అదే ఆన్సర్ ఇచ్చేది కాలిక్యులేషన్. యాక్షన్ లోపల దాక్కున్న కాలిక్యులేషన్‌ని బయటికి తియ్యడం, దీన్ని మీ ఆఫీస్ కోడ్‌లో రేపటినుంచే మొదలుపెట్టొచ్చు. మోనాడ్ జోలికి పోదు, పోకపోవడమే దానికి మంచిది. అలాగే స్కాట్ వ్లాషిన్ రాసిన డొమైన్ మోడలింగ్ మేడ్ ఫంక్షనల్, 2018, ఎఫ్ షార్ప్ భాషలో, ఒక్క ఆర్డర్ తీసుకునే సిస్టమ్ పట్టుకుని బుక్ అంతా నడుపుతుంది, వెరిఫై చెయ్యని ఈమెయిల్‌కి ఒక టైప్, వెరిఫై అయినదానికి ఇంకో టైప్ పెడితే పాస్‌వర్డ్ రీసెట్ మెయిల్ పొరపాటున వెరిఫై కాని అడ్రస్‌కి వెళ్ళే కోడ్ కంపైలే అవ్వదు, టైపుల బలం అంటే ఏంటో అక్కడ కళ్ళకి కనపడుతుంది.

స్కాలా భాష వాళ్ళ రెడ్ బుక్, ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ ఇన్ స్కాలా, చదవాలంటే ఎక్సర్‌సైజులు చెయ్యడానికి సిద్ధపడే మొదలుపెట్టండి, లిస్ట్, ఆప్షన్, స్టేట్ అన్నీ మీ చేతే కట్టిస్తుంది, ఎక్సర్‌సైజ్ వదిలేస్తే తర్వాతి పేజీ అర్థం కాదు. 2014 ఎడిషన్ పాత స్కాలా, 2023ది స్కాలా 3. కేటగిరీ థియరీ, అంటే మోనాడ్ లాంటి ఆలోచనలు వచ్చిన గణిత శాఖ, దాని బుక్కులు మాత్రం మొదట్లో ముట్టుకోకండి, అవి లేకుండా ఏళ్ళ తరబడి మంచి ఫంక్షనల్ కోడ్ రాయొచ్చు.

వీటిలో ఏదో ఒకటి పూర్తయ్యాక క్రిస్ ఒకాసాకి రాసిన ప్యూర్లీ ఫంక్షనల్ డేటా స్ట్రక్చర్స్ తియ్యండి, 1998, ఆయన 1996 పీహెచ్‌డీ థీసిస్ నుంచి పుట్టిన బుక్. ఏదీ మార్చకూడదంటే ప్రతిసారీ మొత్తం కాపీ చెయ్యాలి కదా, స్లో అయిపోదా అన్న డౌట్ అందరికీ వస్తుంది, దానికి పూర్తి జవాబు ఇందులో ఉంది. క్యూ సంగతే చూడండి, రెండు లిస్టులు పెడతాడు, ముందు భాగం ఒకటి, వెనక భాగం తిరగేసి ఇంకోటి, కొత్తది వస్తే రెండో లిస్ట్ తలకి తగిలిస్తాడు, తియ్యాలంటే మొదటి లిస్ట్ తల తీస్తాడు, మొదటిది ఖాళీ అయినప్పుడే రెండోదాన్ని తిరగేసి అక్కడ పెడతాడు, ప్రతి ఐటమ్ ఒక్కసారే తిరుగుతుంది కాబట్టి సగటున ఖర్చు దాదాపు ఏమీ లేదు. పాత వెర్షన్లని కూడా దాచుకుని మళ్ళీమళ్ళీ వాడితే ఈ లెక్క ఎందుకు చెడుతుందో, దాన్ని లేజీ ఎవాల్యుయేషన్‌తో ఎలా కాపాడాలో తర్వాత చెప్తాడు, బుక్‌కి ప్రాణం ఆ భాగమే. కోడ్ స్టాండర్డ్ ఎంఎల్ భాషలో ఉంటుంది, వెనక హాస్కెల్ వెర్షన్ ఇచ్చాడు, ఏ భాష వచ్చినా మార్చి రాసుకోవచ్చు. మొదట మూడో చాప్టర్ చదివి రెడ్ బ్లాక్ ట్రీ, అంటే తనంతట తానే బ్యాలెన్స్ చేసుకునే చెట్టు, దానిలో ఇన్సర్ట్ మీ భాషలో రాయండి, బ్యాలెన్స్ చెయ్యాల్సిన నాలుగు కేసులూ ఒకే జవాబుకి చేరతాయి, ఆ ఫంక్షన్ ఎంత చిన్నదో చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది. డిలీట్ మాత్రం ఆయన అందులో ఇవ్వలేదు, ఇన్సర్ట్ పూర్తయ్యాక దాని మీద కూర్చోండి, ఇన్సర్ట్ కంటే చాలా కష్టం, కేసులు కాగితం మీద రంగులతో గీసుకుంటేనే తెగుతుంది.