కత్తిపీట నాది, గట్టు రోడ్డు బాబాయ్‌ది

మా పాపని ఉయ్యాలలో వేసిన మర్నాడు జరిగిందిది. అంటే తను పుట్టిన ఇరవై రెండో రోజు. పుట్టింట్లో ఉన్నాను. అమ్మ వంటింట్లో కత్తిపీట వేసుకుని బీరకాయలు తరుగుతోంది. పాపని ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. ఉన్నట్టుండి, పిల్లని ఆ కత్తిపీట మీదికి నేనే విసిరేస్తానేమో అనిపించింది. ఎవరో లోపల బొమ్మ గీసి కళ్ళముందు పెట్టినట్టు కనపడింది. ఒళ్ళంతా చల్లబడిపోయింది.

కాలికి తగులుతోందని చెప్పి ఆ సాయంత్రమే కత్తిపీటని అటక మీద పెట్టించాను. రెండు రోజులకి చాకు కూడా వద్దన్నాను. తర్వాత డాబా మెట్లు, పెరట్లో నుయ్యి. పాప ఏడుస్తుంటే చేతులు వెనక్కి కట్టుకుని "అమ్మా, నువ్వు తియ్యి" అనేదాన్ని. రాత్రిళ్ళు అమ్మని లేపి, "నేను అలాంటిదాన్ని కాదు కదా?" అని అడిగేదాన్ని. ఎలాంటిదాన్నో మాత్రం చెప్పేదాన్ని కాదు. అమ్మ ఎవరి కన్నో పడిందని ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది.

ఓసీడీ అనే జబ్బు పేరు నాకు తెలియక కాదు. చేతులు పదే పదే కడుక్కోవడం, సామాన్లు వరసగా సర్దుకోవడం అనుకునేదాన్ని. సినిమాల్లో చూసిందీ అదే. నాకు అవేవీ లేవు. అందుకని నాది జబ్బు కాదనీ, నాలోనే ఏదో రాక్షసి ఉందనీ నమ్మాను. ఇప్పుడు తలుచుకున్నా బాధేస్తుంది. జబ్బు పేరు తెలిసి కూడా నాకున్నది అదే అని తెలియకపోవడం వల్ల రెండు నెలలు నా బిడ్డకి నేను నీళ్ళు పొయ్యలేదు.

కనిపెట్టింది మా బాబాయ్. ఆయన కొబ్బరికాయల వ్యాపారి. అంబాజీపేట మార్కెట్ నుంచి మా ఊరికి రోజూ కాలవ గట్టు మీద బండి మీద వస్తాడు. నా చిన్నప్పటి నుంచీ ఆయన ఇంటికి వచ్చి, బండి స్టాండ్ వేసి, మళ్ళీ తీసుకుని వెనక్కి వెళ్ళిపోయేవాడు. ఒక్కోసారి టార్చిలైటు పట్టుకెళ్ళేవాడు. పిన్ని అన్నం వడ్డించుకుని కూర్చునేది. అడిగితే "కాయల లెక్క తేడా వచ్చింది" అనేవాడు. మేమంతా చాదస్తం అనుకున్నాం.

ఆ రాత్రి అరుగు మీద నా పక్కన కూర్చుని, "అమ్మలూ, బుర్రలో ఏదన్నా ఒకటే తిరుగుతోందా?" అన్నాడు. ఏడుస్తూ చెప్పేశాను. ఆయన నోట మాట రాలేదు. కాసేపటికి, "పిల్లని ఏదన్నా చేసేస్తావని నువ్వెలా నమ్మేవమ్మా?" అన్నాడు. ఆ తర్వాత తన సంగతి చెప్పాడు.

గట్టు రోడ్డు మీద కొబ్బరి డొక్క మీద టైరెక్కినా, ఆరబోసిన ధాన్యం చుట్టూ పెట్టిన రాయి తగిలినా, ఎవరినో గుద్దేశాననిపిస్తుందట. పడినవాళ్ళు కాలవలోకి దొర్లిపోయారేమో, నేను చూడకుండా వచ్చేశానేమో అని వెనక్కి వెళ్ళి టార్చి వేసి తూటుకాడలో వెతికేవాడట. ఎవరూ ఉండరు. తిరిగొస్తుంటే, ఈ రావడంలో ఎవరినన్నా గుద్దానేమో అని మళ్ళీ మొదలు. ఆయన జీవితంలో ఒక్క యాక్సిడెంటు చెయ్యలేదు. పొద్దున్నే పేపర్లో జిల్లా పేజీ మొత్తం చదివేది అందుకేనని అప్పుడు తెలిసింది.

నిజం చెప్తున్నాను, విన్న వెంటనే నాకూ అదే అనిపించింది: 'మనిషిని గుద్దితే తెలియకుండా ఉంటుందా, ఇది ఎలా నమ్మాడు?' ఆయన భయం అబద్ధమని నాకు అద్దంలో చూసినంత స్పష్టంగా కనపడుతోంది. నాది అబద్ధమని ఆయనకీ అంతే. ఎవరిది వాళ్ళకి మాత్రం కనపడదు. ఒకే జబ్బు ఉన్న ఇద్దరం ఒకే అరుగు మీద కూర్చుని ఒకరి భయం ఒకరికి అర్థం కాక చూసుకున్నాం.

ఆయన రెండేళ్ళుగా కాకినాడలో ఒక డాక్టరు దగ్గరికి వెళ్తున్నాడు, పిన్నికి తప్ప ఎవరికీ తెలియదు. నన్నూ తీసుకెళ్ళాడు. అక్కడ పెద్ద జాబితా ఒకటి ముందు పెట్టి, ఏవేవి వస్తాయో గుర్తు పెట్టమన్నారు. ఓసీడీ ఎంత తీవ్రంగా ఉందో చూడడానికి 1989లో అమెరికాలో తయారైన యేల్-బ్రౌన్ కొలతతో పాటు వాడే జాబితా అది. మురికి, రోగం, దేవుడి మీద చెడ్డ ఆలోచనలు, అంకెలు, తాళాలు, తన వల్ల ఎవరికో హాని... ఎన్ని రకాలో. నేను పెట్టుకున్న గుర్తులకీ బాబాయ్ పెట్టినవాటికీ దాదాపు పోలికే లేదు. బయట కూర్చున్న డిగ్రీ కుర్రాడు దీపం ముందు నిలబడితే బూతులు వస్తున్నాయని గుడికి పోవడం మానేశాడట. వాళ్ళమ్మ చెప్పి కళ్ళు తుడుచుకుంది. భక్తి లేనివాడైతే ఆ ఆలోచనకి అంత వణికిపోడు కదా.

డాక్టరు గారు చెప్పినదాంట్లో నన్ను నిలబెట్టిన మాట ఇంకోటి ఉంది. ఇలాంటి ఆలోచనలు జబ్బు లేనివాళ్ళకీ వస్తాయి. 1978లో రాక్‌మన్, డి సిల్వా అనే ఇద్దరు పరిశోధకులు మామూలు మనుషుల్ని అడిగి చూస్తే, ఎక్కువమంది మాకూ వస్తాయన్నారు. వాళ్ళకి వచ్చి పోతాయి. మేం దాన్ని పట్టుకుని, అర్థం వెతికి, భయం తగ్గడానికి ఏదో ఒకటి చేస్తాం. బాబాయ్ వెనక్కి వెళ్ళి చూస్తాడు, నేను అమ్మని అడుగుతాను. గండికి గడ్డి దోపినట్టు, కాసేపు ఆగుతుంది, అంతే.

అందుకే మందుతో పాటు ఆ చేసేది ఆపడం నేర్పారు. నాకు సెర్ట్రలీన్ రాశారు. పాలిచ్చే తల్లులకి డాక్టర్లు తరచుగా ఇచ్చేవాటిలో అదొకటి. పని చెయ్యడానికి వారాలు పట్టింది. అమ్మని మాత్రం, నేను అడిగితే జవాబు చెప్పొద్దన్నారు. ఆవిడకి అదెంత కష్టమైందో! కూతురు ఏడుస్తూ అడుగుతుంటే మాట్లాడకుండా బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కూర్చునేది, కళ్ళనీళ్ళు చేటలో పడేవి. మూడో నెలలో కత్తిపీట అటక దిగింది. పక్కనే ఉయ్యాల. మొదటి రోజు రెండు దొండకాయలు తరిగేసరికి చెమటతో జాకెట్టు తడిసిపోయింది. లేచి పారిపోలేదు.

బాలింతలున్న ఇళ్ళకి ఒక మాట చెప్పాలి. ప్రసవం తర్వాత వచ్చే ఇంకో జబ్బు ఉంది. అందులో లేని మాటలు వినపడతాయి, నిద్ర పట్టదు, పిల్ల గురించి వచ్చే ఘోరమైన ఆలోచన సరైనదే అనిపిస్తుంది. అది వేరు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నాలాగా ఆ ఆలోచనకి వణికిపోయి దాచుకునేవాళ్ళు కూడా దయచేసి డాక్టరుకి చెప్పండి. ఎవరికి చెప్పాలో తెలియకపోతే 14416కి ఫోన్ చెయ్యండి, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది. ఏ వేళైనా పలుకుతుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మొన్న సంక్రాంతికి ముందు, రాత్రి ఎనిమిదింటికి బాబాయ్ ఫోను. "లాకుల దగ్గర బండి ఆపేనమ్మా. వెనకాల ఏదో ఎత్తు తగిలింది."

"ఏం కాదులే బాబాయ్" అనే మాట నాలుక చివరికి వచ్చింది. అనలేదు. "ఊఁ" అన్నాను. ఆయనా ఏం అడగలేదు. కాలవ నీళ్ళ చప్పుడు వినపడుతోంది. చాలాసేపు ఇద్దరం అలాగే ఉన్నాం.

"సరే, ఇంటికే వెళ్తున్నా" అని పెట్టేశాడు. పావుగంటకి పిన్ని ఫోన్ చేసి, వచ్చాడు, కాళ్ళు కడుక్కుంటున్నాడు అంది.