నా కొలతలకు నేనే గీసుకున్న గొడుగు గౌను

నా కుడి భుజం ఎడమ భుజం కన్నా అర అంగుళం కిందికి ఉంటుంది. నలభై ఏళ్లు దాటేదాకా ఈ సంగతి నాకు తెలియదు. దుకాణంలో కొన్న ప్రతి గౌనూ కుడివైపుకే జారుతుండేది, మెడ దగ్గర గుడ్డ ఒక పక్క బిగిసి మరో పక్క ఉబ్బేది, లోపం గుడ్డలో ఉందనో కుట్టులో ఉందనో అనుకొని ఊరుకునేదాన్ని. కిందటేడాది ఒకచోట ఐదు మీటర్ల గుడ్డ ఇచ్చి, ఘేరు, అంటే కింది అంచు వెడల్పు, నిండుగా రావాలని రెండుసార్లు చెప్పి కుట్టించుకున్న గౌను కూడా అలాగే జారింది. ఇంటికి తెచ్చి టేపు పెట్టి చూస్తే కింది అంచు చుట్టుకొలత మూడు మీటర్లు కూడా లేదు. మిగిలిన గుడ్డ ఏమైందని అడిగితే సమాధానం రాలేదు. నాకు నచ్చినట్టు, నడిస్తే కాళ్ల చుట్టూ అలలా కదిలే గౌను కావాలంటే కాగితం మీద గీత మొదలుకొని అంచు మడత దాకా నేనే చేసుకోవాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

మన కొలతలు మనం సరిగ్గా తీసుకోలేము. చెయ్యి ఎత్తితే భుజం మారుతుంది, వంగి టేపు చూస్తే నడుము మారుతుంది. అందుకని మా వీధి చివర ఏళ్ల తరబడి జాకెట్లు కుడుతున్న పిన్నిగారి దగ్గరికి వెళ్లాను. ఆవిడ నా వెనక నిలబడి రెండు భుజాల మీదా వేళ్లు ఆనించి కాసేపు చూసి, "నీకు కుడి భుజం వాలుందే అమ్మా, ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదా?" అన్నారు. లేదు పిన్నిగారూ అన్నాను. ఆవిడ నా నడుముకు ఒక నాడా కట్టి, అటూ ఇటూ వంగమని, అది తనంతట తాను ఎక్కడ నిలిచిందో చూసి అక్కడే నడుము అని తేల్చారు. ఛాతీ 36, నడుము 31, వెనక మెడ ఎముక నుంచి నడుము దాకా 15, భుజం 14, నడుము నుంచి కింది అంచు దాకా 37 అంగుళాలు. ఈ అయిదు అంకెలూ, భుజాల వాలూ కలిపి పాత క్యాలెండరు వెనక రాసుకొని వచ్చాను.

పై భాగం గీయడానికి అందరూ కాగితాన్ని సగానికి మడిచి ఒక సగమే గీస్తారు. రెండు పక్కలూ ఒకేలా ఉన్నవారికి అది చాలు. నాకు అలా కుదరదు కాబట్టి బ్రౌన్ పేపరును విప్పి పరిచి, మధ్య గీత గీసి, ఎడమ భుజానికి ముప్పావు అంగుళం, కుడి భుజానికి అంగుళంపావు వాలు ఇచ్చాను. కుడి చంకను కూడా అంతే మేరకు కిందికి దించాను. భుజం దించి చంక దించకపోతే చంక ఇరుకై చెయ్యి లేవదు. ముందు ముక్కకూ వెనక ముక్కకూ రెండింటికీ పెద్ద అక్షరాలతో కుడి, ఎడమ అని రాసి, పై ముఖం ఏదో గుర్తు పెట్టాను, ఎందుకంటే ఇలాంటి కాగితాన్ని ఒక్కసారి బోర్లా వేసి కత్తిరిస్తే వాలు ఎడమ భుజానికి పోతుంది. ఛాతీకీ నడుముకీ రెండేసి అంగుళాలు వదులు ఇస్తే 38, 33 అయ్యాయి. ఆ అయిదు అంగుళాల తేడాలో మూడు అంగుళాలను ముందు రెండు, వెనక రెండు టక్కులు (గుడ్డను చిటికెడు మడిచి వేసే కుట్లు) ఒక్కొక్కటి ముప్పావు అంగుళం చొప్పున తీసుకున్నాయి, మిగిలిన రెండూ పక్క కుట్లలో సర్దుకున్నాయి.

అసలు గౌను అందం నడుము కింద ఉంటుంది. నడుము కింద ఘేరు తెప్పించడానికి మన దగ్గర మూడు పద్ధతులున్నాయి. పొడుగాటి గుడ్డను కుచ్చులు పెట్టి నడుముకు కలపడం సులువు, కానీ కుచ్చులన్నీ నడుము దగ్గరే పోగై అక్కడ లావుగా కనబడుతుంది. కలీలు, అంటే పైన సన్నగా కింద వెడల్పుగా ఉండే ముక్కలు, వేసి కుడితే నడుము సన్నగా వస్తుంది, పట్టు వంటి బరువైన గుడ్డకు అదే తగిన పద్ధతి, అయితే నూలు గుడ్డలో ఇన్ని కుట్లు పడితే గుడ్డ కొంచెం బిగదీసుకొని నిలబడుతుంది. పలచని నూలుకు నా మనసు గొడుగు కత్తిరింపు మీదే. గుండ్రంగా కత్తిరించిన గుడ్డలో నడుము దగ్గర ఒక్క కుచ్చూ ఉండదు, కిందికి పోయేకొద్దీ గుడ్డ పెరుగుతుంది, తన బరువుకు తానే మడతలు దిగుతాయి.

ఆ గుండ్రానికి లెక్క చిన్నది. నడుము చుట్టుకొలతను 6.28తో భాగిస్తే లోపలి వలయం వ్యాసార్ధం వస్తుంది. నాకు వదులుతో కలిపి 33 అంగుళాలు కాబట్టి అది 5.25 అంగుళాలు. లెక్క చిన్నదే అయినా మొదటిసారి నేను అక్కడే తప్పాను. పాత దుప్పటి మీద సరిగ్గా 5.25 దగ్గర గీసి కత్తిరించి, అర అంగుళం లోపలికి కుట్టి చూస్తే నడుము 36 అంగుళాలు వచ్చి పై భాగానికి అతకలేదు. గుడ్డ సాగిందేమో అనుకున్నాను. రాత్రి కాగితం ముందు కూర్చొని ఆలోచిస్తే తెలిసింది: మామూలు కుట్టులో లోపలికి వదిలిన గుడ్డ కొలతను తగ్గిస్తుంది, వలయంలో మాత్రం కుట్టు గీత కేంద్రానికి దూరం జరుగుతుంది కాబట్టి కొలత పెరుగుతుంది, వ్యాసార్ధం అర అంగుళం పెరిగితే చుట్టుకొలత మూడు అంగుళాలకు పైగా పెరుగుతుంది. కత్తెర పడవలసింది 4.75 దగ్గర, కుట్టు పడవలసింది 5.25 దగ్గర. దుప్పటి పోయినా నాకు బాధ లేదు. అదే తప్పు గౌను కోసం తెచ్చిన మంగళగిరి చేనేత గుడ్డ మీద జరిగి ఉంటే తట్టుకోలేకపోయేదాన్ని.

ఆ గుడ్డ కోసం ముందు బెజవాడ వన్ టౌన్ వెళ్లి వస్త్రలత బట్టల బజారులో రెండు గంటలు తిరిగాను. అక్కడ లేని గుడ్డ లేదు, కానీ నాకు చేనేత నూలే కావాలి, పైగా కనకదుర్గ వారధి దాటితే మంగళగిరి ఎంతో దూరం కాదు. అక్కడ గుంట మగ్గం మీద 80 నంబరు సన్న నూలుతో నేసిన గుడ్డను చేతిలో తీసుకొని ఒక కొసను వదిలితే అది నిదానంగా, మడతలు పడుతూ జారుతుంది. ఆ జారుడు చూసే నేరేడు పండు రంగు గుడ్డను తీసుకున్నాను. అంచు ఉన్న గుడ్డ చూపించి, నిజాం జరీ అంచు గౌను కింద వస్తే ఎంతో బాగుంటుందని దుకాణం అబ్బాయి నచ్చజెప్పబోయాడు. అది కుచ్చుల గౌనుకైతే నిజమే. గొడుగు కత్తిరింపులో మాత్రం తిన్నటి అంచు గుండ్రటి కింది భాగానికి రాదు, పక్క కుట్టులోకి పోయి దాక్కుంటుంది. అందుచేత అంచు లేని గుడ్డ 6 మీటర్లు తీసుకొని, చేతుల చివరలకు మాత్రం జరీ అంచు ముక్క వేరుగా అడిగి తెచ్చుకున్నాను.

ఇంటికి రాగానే గుడ్డంతా ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి నీడలో ఆరేశాను. రంగు కొంచెం దిగింది, 6 మీటర్లు 5.80 అయ్యాయి, పన్నా (గుడ్డ వెడల్పు) 43 అంగుళాలన్నర మిగిలింది. ఈ పని దాటవేసేవారిని చాలామందిని చూశాను. కుట్టిన తరువాత మొదటి ఉతుకులో గుడ్డ ముడుచుకుపోతే ఎంత చక్కని కత్తిరింపైనా వృథాయే.

కత్తిరించడానికి మా ఇంట్లో ఏ గదీ చాలలేదు. బెజవాడ ఎండకు పొద్దెక్కాక డాబా మీద నిలబడలేము, సాయంత్రమైతే గాలి. అందుకని తెల్లవారుజామున డాబా కడిగి ఆరనిచ్చి అక్కడే పరిచాను. పూర్తి వలయానికి పన్నా చాలదు కాబట్టి రెండు అర్ధవలయాలుగా కత్తిరించి కలపాలి. ఒక్కో అర్ధవలయానికి 85 అంగుళాలన్నర చొప్పున రెండింటికి 4.34 మీటర్లు పట్టింది. ముక్కను సగానికి మడిచి, మడత కొసన, అంచుకు అర అంగుళం లోపల కేంద్రం పెట్టుకున్నాను. మా అబ్బాయి టేపు కొసను అక్కడ బొటనవేలితో నొక్కి పట్టుకుంటే, నేను రెండో చేతిలో చాక్ ముక్కతో రెండేసి అంగుళాలకు ఒక చుక్క పెట్టుకుంటూ, నడుము వ్యాసార్ధం 5.25, పొడవు 37, అంచు మడతకు అర అంగుళం కలిపి 42.75 అంగుళాల దగ్గర చుట్టూ తిరిగాను. చుక్కలు కలిపితే వలయం వచ్చింది. ముగ్గు పెట్టిన చేతికి ఈ పని కొత్త కాదు. కుట్టు పూర్తయ్యాక కింది అంచు చుట్టుకొలత 265 అంగుళాలు, అంటే 6.70 మీటర్లకు పైనే. మనం కట్టే చీర పొడవు 5.50 మీటర్లు, గౌను అంచు చీరను మించిపోయింది.

గుండ్రటి ముక్కను చేతిలోకి తీసుకోగానే నడుము సాగడం మొదలవుతుంది. అందుకని కత్తిరించిన వెంటనే అమ్మ వాడిన కాలి మిషను దగ్గర కూర్చొని, 11 నంబరు సూదితో, నడుము గీతకు నూలుపోగంత పైన చుట్టూ ఒక కుట్టు వేశాను. తరువాత పై భాగానికి కలిపేటప్పుడు, లోపల వదిలిన గుడ్డకు అంగుళానికి ఒకటి చొప్పున కత్తెర మొనతో గాట్లు పెట్టాను. గాట్లు లేకపోతే వంపు తెరుచుకోదు, కుట్టు ముడతలు పడుతుంది. ఎడమ పక్కన జిప్పు వేశాను. చేతులు, మెడ పట్టీ ఒక మధ్యాహ్నంలో అయిపోయాయి.

ఇక అంచు మడిచి కుట్టేయాలనే తొందర ఎవరికైనా ఉంటుంది. నాకూ ఉంది. పిన్నిగారు ఫోన్‌లో గట్టిగా చెప్పారు: "క్రాస్ సాగుతుందమ్మా. రెండు రోజులు హేంగరుకు వేలాడదియ్యి, అప్పుడు అంచు కొట్టు." గుండ్రటి ముక్కలో గుడ్డ అంతటా ఒకేలా ఉండదు. నా గౌనులో రెండు పక్కలా పడుగు (గుడ్డ పొడవునా పోయే పోగు) నిలువుగా దిగుతుంది, ముందూ వెనకా నడిమిన పేక (అడ్డంగా పోయే పోగు) నిలువుగా దిగుతుంది, ఆ చోట్ల గుడ్డ కదలదు. వాటి నడుమ నాలుగు చోట్ల రెండు పోగులూ ఏటవాలుగా పడతాయి కాబట్టి గుడ్డ తన బరువుకు తాను సాగి దిగుతుంది. రెండు రోజుల తరువాత చూస్తే సరిగ్గా ఆ నాలుగు చోట్లా అంచు అంగుళంపావు కిందికి వచ్చి, నాలుగు మొనల పువ్వులా వేలాడుతోంది. గౌను వేసుకొని పీట మీద నిలబడ్డాను. పిన్నిగారు చెక్క స్కేలు పీట మీద నిలబెట్టి, నా చుట్టూ తిరుగుతూ ఒకే ఎత్తులో చాక్‌తో గుర్తులు పెట్టారు. ఆవిడ తిరగాలే గాని నేను కదలకూడదు. నేను తిరిగితే ఘేరు ఊగి గుర్తు తప్పుతుంది. దిగిన గుడ్డను కత్తిరించి తీసేశాక, పావు అంగుళం చొప్పున రెండు మడతలు వేసి కుట్టడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. గుండ్రటి అంచులో కింది కొస పై గీత కన్నా పొడుగు కాబట్టి, కొస వెంట ముందుగా వదులు కుట్టు వేసి దారం మెల్లగా లాగుతూ పోతేనే మడత బల్లపరుపుగా కూర్చుంటుంది.

మరునాడు ఆ గౌను వేసుకొని బీసెంట్ రోడ్డు దాకా నడిచి వచ్చాను. భుజం జారలేదు, దారిలో ఒక్కసారైనా చెయ్యి మెడ దగ్గరికి పోలేదు. కూర్చొని లేచినప్పుడు వెనక నడుము కొంచెం పైకి లేస్తున్నట్టు అనిపించింది. ఇంటికి వచ్చి బ్రౌన్ పేపరు ముక్కలు తీసి, వెనక ముక్క నడుము దగ్గర పావు అంగుళం కిందికి ఎర్ర పెన్సిలుతో కొత్త గీత గీసి, పక్కన తేదీ వేసి, చుట్ట చుట్టి బీరువా మీద పెట్టాను.