అర మిల్లీమీటరు లోపు కాలువలో రెండు నీళ్లు కలపడం: రాయగడ బల్ల మీద చిప్ 1 నుంచి 4 దాకా

చిప్ 4 పనిచేసింది. ఇక్కడ చిప్ అంటే గాజు స్లైడు మీద అతికించిన, లోపల సన్నని కాలువ ఉన్న సిలికాన్ రబ్బరు దిమ్మె. కాలువ 400 మైక్రాన్ల వెడల్పు, 200 మైక్రాన్ల లోతు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). రెండు వైపుల నుంచీ నిమిషానికి 5 మైక్రోలీటర్ల చొప్పున పోస్తే, 25 మిల్లీమీటర్ల దూరంలోనే రెండు నీళ్లూ కలిశాయి. మొదటి మూడు చిప్‌లు ఎందుకు సరిపోలేదో, కొలతలో ఎక్కడెక్కడ మోసపోవచ్చో ఈ లాగ్‌లో ఉంది. నిజానికి చిప్ చేయడం కన్నా, నీళ్లు కలిశాయా లేదా అని తేల్చుకోవడానికే ఎక్కువ పని పట్టింది.

ముందు లెక్క. మొత్తం ప్రవాహం నిమిషానికి 10 మైక్రోలీటర్లు అంటే ఈ కాలువలో వేగం సెకనుకు 2.1 మిల్లీమీటర్లు. 30 డిగ్రీల నీటికి రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం సాఫీగా సాగుతుందా, సుడులు తిరుగుతుందా చెప్పే అంకె) 0.7. ఇంత తక్కువలో సుడులు పుట్టవు. రెండు ధారలూ పక్కపక్కనే, రైలు పట్టాల్లా సాగిపోతాయి. కలిపే పని అంతా వ్యాపనానిదే, అంటే అణువులు వాటంతటవే పక్క ధారలోకి పాకడానిదే. చిన్న రంగు అణువుకు వ్యాపన గుణకం సుమారు సెకనుకు 500 చదరపు మైక్రాన్లు అనుకుంటే, ఈ వెడల్పులో ధారల మధ్య తేడా మూడో వంతుకు తగ్గడానికి 32 సెకన్లు కావాలి. 5 శాతానికి తగ్గాలంటే దాదాపు 97 సెకన్లు, అంటే 20 సెంటీమీటర్ల కాలువ. వెడల్పును సగం చేస్తే సమయం నాలుగో వంతు అవుతుంది. కానీ సన్నం చేసేకొద్దీ అచ్చు కష్టం, దుమ్ము ఇరుక్కునే అవకాశం ఎక్కువ. అందుకే వెడల్పును 400 దగ్గరే ఉంచి, లోపలి ఆకారంతో పని సాధించాలనుకున్నాం.

పంపు

సిరంజీలను నెట్టేది నెమా 17 స్టెప్పర్ మోటారు (చిన్న చిన్న అడుగులుగా తిరిగేది), ఏ4988 డ్రైవర్, ఒక్కో అడుగుకు 16 మైక్రోస్టెప్‌లు. మొదట త్రీడీ ప్రింటర్లలో వాడే టీ8 లీడ్‌స్క్రూ (మరల కడ్డీ) పెట్టాం. ఒక చుట్టుకు 8 మిల్లీమీటర్లు కదులుతుంది కాబట్టి మన వేగానికి సెకనుకు రెండు మైక్రోస్టెప్‌లు కూడా రావు. ఒక్కో మైక్రోస్టెప్‌కు ఒక్కో సిరంజి 0.044 మైక్రోలీటర్లు తోస్తుంది. రెండు సిరంజీలూ కలిసి కాలువలో అది ఒక మిల్లీమీటరు పైచిలుకు గెంతు. రెండు నీళ్ల మధ్య గీత వణుకుతుంది, ఆ వణుకే కలయికలా కనిపిస్తుంది. హార్డ్‌వేర్ కొట్టులో దొరికే ఎం5 మరరాడ్‌కు ఒక చుట్టు 0.8 మిల్లీమీటర్లే. దానికి మార్చాక గెంతు పదో వంతుకు తగ్గింది, గీత నిలిచింది.

సిరంజీలు మెడికల్ షాపులో దొరికే 1 మిల్లీలీటరు సూది విడిగా వచ్చేవి. లోపలి వ్యాసం ఎంతో పొట్లం మీద ఉండదు. 0 నుంచి 1 మిల్లీలీటరు గీత దాకా వెర్నియర్‌తో కొలిచి, 1000ని ఆ పొడవుతో భాగిస్తే అడ్డుకోత వైశాల్యం చదరపు మిల్లీమీటర్లలో వస్తుంది. మావి 57.5 మిల్లీమీటర్లు, అంటే 17.4. రెండు సిరంజీలనూ ఒకే కదిలే దిమ్మెకు బిగించాలి. వేర్వేరు మోటార్లు పెడితే రెండు ప్రవాహాలను సమానం చేయడమే ఒక పనై కూర్చుంటుంది. రబ్బరు పిస్టన్ అంటుకుని, వదిలి, మళ్లీ అంటుకుంటుంది. దానికి ఒక చుక్క సిలికాన్ నూనె రాసి, మోటారు మొదలెట్టాక పది నిమిషాలు ఆగి అప్పుడు ఫోటో తీయాలి. కరెంటు పోతే ఆ పది నిమిషాలూ మళ్లీ మొదటికి వస్తాయి కాబట్టి మోటారును 12 వోల్టుల బ్యాటరీ మీద నడుపుతున్నాం.

అచ్చు, పోత

దిమ్మెకు పీడీఎంఎస్ (పోసి గట్టిపరిచే సిలికాన్ రబ్బరు) కావాలి, సిల్గార్డ్ 184 వాడాం. 75 × 25 మిల్లీమీటర్ల గాజు స్లైడు మీదకు 4 మిల్లీమీటర్ల మందం దిమ్మె రావాలంటే 10 గ్రాముల బేస్, 1 గ్రాము క్యూరింగ్ ఏజెంట్ చాలు. 0.01 గ్రాము చూపే త్రాసు తప్పనిసరి. మూడు నిమిషాలు కలిపి, బుడగలు పోయేదాకా వాక్యూమ్ డబ్బాలో అరగంట, తరవాత 65 డిగ్రీల దగ్గర 4 గంటలు.

అచ్చు రెజిన్ ప్రింటర్ మీద తీసింది, పిక్సెల్ 50 మైక్రాన్లు. ఇక్కడే పెద్ద చిక్కు. సరిగా ఆరని రెజిన్‌లోంచి వచ్చే పదార్థాలు పీడీఎంఎస్‌లోని ప్లాటినం ఉత్ప్రేరకాన్ని చంపేస్తాయి. పైన గట్టిపడి, అచ్చును తాకిన ముఖం మాత్రం జిగటగా మిగులుతుంది. ఆ ముఖంలోనే కదా కాలువ ఉండేది! అచ్చును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో రెండుసార్లు కడిగి, యూవీ కింద ఒక గంట, 70 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాక ఆ బాధ పోయింది. రబ్బరు పాలతో చేసే లాటెక్స్ గ్లౌజులు కూడా ఇదే హాని చేస్తాయి. నైట్రైల్ గ్లౌజులే వాడండి.

ప్లాస్మా యంత్రం లేకుండా అతికించడం: గాజు మీద పలచగా పచ్చి పీడీఎంఎస్ పూసి, 65 డిగ్రీల దగ్గర వేలికి అంటుకునేంత బంక అయ్యేదాకా ఉంచి, దిమ్మెను నొక్కకుండా ఆనించి, మళ్లీ రెండు గంటలు. మరీ పచ్చిగా ఉంటే కాలువలోకి ఎక్కుతుంది. మా గాడులు (చిప్ 3, 4లో వచ్చేవి) కాలువ పైకప్పులో ఉంటాయి, బంక నేల మీద ఉంటుంది. కాబట్టి కొంచెం ఎక్కినా గాడులు పూడవు.

ఏ రంగుతో చూడాలి

మొదట అందరికీ తట్టేదే తట్టింది: పసుపు, సున్నం. పారాణి ఎర్రదనం వచ్చిన చోటే కలయిక జరిగినట్టు. కానీ పసుపు రంగు నీటిలో కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. స్పిరిట్ ధార నీటి ధారను తాకగానే రంగు పొడిగా విడిపోయి కాలువను మూసేసింది. రెండు వైపులా సగం స్పిరిట్ కలిపినా ఇబ్బందే: నీరూ ఆల్కహాలూ దాదాపు సగం సగం ఉన్నప్పుడు స్నిగ్ధత నీటికి రెండింతలు దాటుతుంది, రెండు వైపులా పాళ్లు కొంచెం తేడా వచ్చినా మధ్య గీత ఒక పక్కకు జరిగిపోతుంది. సున్నపుతేట గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి తెల్ల పొర కడుతుంది, అదీ వచ్చి సన్నని దారిలోనే చేరుతుంది.

తరవాత శంఖుపుష్పానికి వచ్చాం. ఇక్కడ ఒడియాలో అపరాజిత అంటారు, కంచెల మీద కావలసినంత. 5 గ్రాముల ఎండు రేకలు 50 మిల్లీలీటర్ల వేడినీటిలో పావుగంట నానబెట్టి, వాట్‌మన్ 1 కాగితంతో, ఆపైన 0.45 మైక్రాన్ల సిరంజి ఫిల్టరుతో వడకట్టాలి. ఇంత చిక్కగా ఎందుకంటే కాలువ లోతు 200 మైక్రాన్లే, పలచని రంగు కనిపించదు. రెండో వైపు నిమ్మ ఉప్పు నీరు. నీలం పోయి ఊదా-గులాబీ వస్తుంది. మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టినా రెండు రోజులకు మించి వాడవద్దు, పాడై నలకలు వస్తాయి.

చిప్ 1: తిన్నని కాలువ, 60 మిల్లీమీటర్లు

ఇందులో నీరు ఉండేది 29 సెకన్లు. కలయిక సూచీ (1 అంటే పూర్తిగా కలిసినట్టు, 0 అంటే అసలు కలవనట్టు) లెక్క ప్రకారం 0.63 దగ్గర రావాలి. ఫోటోలో 0.8 దాటి వచ్చింది. లెక్క కన్నా మంచి ఫలితం వస్తే సంబరపడకూడదు, కొలతను అనుమానించాలి.

కారణం సాంద్రత. 1 శాతం నిమ్మ ఉప్పు నీరు మామూలు నీటి కన్నా సుమారు 0.4 శాతం బరువు. ఆ కాస్త తేడాకే బరువైన ధార రెండు మూడు సెకన్లలో తేలికదాని కిందికి జారుతుంది. నిటారుగా ఉండాల్సిన సరిహద్దు ఏటవాలు అవుతుంది. పైనుంచి చూసే కెమెరాకు కిందా మీదా ఉన్న రెండు పొరలూ ఒకే రంగులా కనిపిస్తాయి. కలవలేదు, ఒకదాని మీద ఒకటి పడుకున్నాయంతే.

విరుగుడు పంచదార. ఒక గాజు గ్లాసులో ఒక ద్రవం పోసి, రెండోదాన్ని సూదితో ఒక చుక్క మధ్యలో వదలాలి. మునిగితే గ్లాసులోని దానికి, తేలితే చుక్క తీసిన దానికి పంచదార చిటికెడు చిటికెడుగా కలుపుతూ చుక్క ఉన్నచోటే నిలిచేదాకా చూడాలి. ఇలా సరిచేశాక సూచీ 0.6 దగ్గరకు దిగింది, లెక్కకు దగ్గరపడింది.

ఇంకో జాగ్రత్త: పులుపు కాస్త చేరగానే పువ్వు రంగు మారిపోతుంది. నీలి పోగు మిగిలితే కలవనట్టే, కానీ నీలం మొత్తం పోయినంత మాత్రాన కలిసిందని చెప్పలేం. అందుకని సూచీని పువ్వు నీరు, పంచదార నీళ్లతో కొలుస్తున్నాం: ఇమేజ్‌జేలో (ఫోటోలను కొలిచే సాఫ్ట్‌వేర్) ఎరుపు చానల్, కాలువకు అడ్డంగా ఒక గీత, దాని ప్రామాణిక విచలనాన్ని ప్రవేశం దగ్గరి విచలనంతో భాగించి 1లోంచి తీసివేయడం. ఫోన్ కెమెరాలో ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ లాక్ చేయకపోతే ఆ అంకెకు విలువ లేదు. ఆ తరవాత నిమ్మ ఉప్పును 0.1 శాతానికి తగ్గించి, సాంద్రత మళ్లీ సరిచూసుకుని, ప్రవాహం ఆపే పరీక్ష: రెండు వైపులా క్లిప్ వేసి ఒక నిమిషం చూడాలి. ఆగిన తరవాత రంగు ఇంకా మారుతోందంటే, పోతున్నప్పుడు అది కలిసి లేదన్నమాట. ఈ పరీక్ష ఒక్కటే లోతులో దాగిన పొరలను బయటపెడుతుంది.

చిప్ 2: మెలికలు, 20 సెంటీమీటర్లు

మలుపులు కలుపుతాయని చాలామంది గీస్తారు. మలుపులో అడ్డ సుడులు పుట్టాలంటే డీన్ సంఖ్య (మలుపు వంకరను కూడా లెక్కలోకి తీసుకునే, రేనాల్డ్స్ లాంటి అంకె) కనీసం 10 దరిదాపుల్లో ఉండాలి. 1 మిల్లీమీటరు వ్యాసార్ధం మలుపుతో మాకు వచ్చేది 0.25. ప్రవాహాన్ని నలభై రెట్లు చేస్తే సుడులు వస్తాయి, ఒత్తిడి కూడా 6 కిలోపాస్కళ్ల లోపే, చిప్ తట్టుకుంటుంది. కానీ సిరంజి ఐదు నిమిషాల్లో ఖాళీ. మా చిప్ 2 చివరికి కలిపింది నిజమే, మెలికల వల్ల కాదు, పొడవు వల్ల. దానికి 16 మైక్రోలీటర్ల నీరు లోపల చిక్కుకుని ఉండాలి.

చిప్ 3, 4: చేపముల్లు గాడులు

2002లో స్ట్రూక్, వైట్‌సైడ్స్ బృందం సైన్స్ పత్రికలో చూపిన పద్ధతి ఇది. కాలువ ఒక గోడలో 45 డిగ్రీల వాలుతో చేపముల్లులాంటి గాడులు, వాటి మొన మధ్యలో కాక వెడల్పులో మూడో వంతు దగ్గర. ఆరు గాడుల తరవాత మొనను రెండో పక్కకు మార్చాలి. గాడి వెంట నీరు పక్కకు జారి, ఒక పెద్ద చుట్టు, ఒక చిన్న చుట్టు తిరుగుతుంది. మొన మారగానే చుట్లు తారుమారవుతాయి. చపాతీ పిండిని సాగదీసి మడిచినట్టు పొరలు పెరుగుతూ పలచబడతాయి. సుడుల అవసరం లేదు కాబట్టి ప్రవాహం తగ్గించినా పనిచేస్తుంది. ప్రవాహం పెంచితే కావలసిన పొడవు లాగరిథమ్‌లా నెమ్మదిగానే పెరుగుతుంది.

చిప్ 3 గీతలోనే తప్పు జరిగింది. గాడి వెడల్పు 150 మైక్రాన్లు అని కాలువ పొడవు వెంట కొలిచి గీశాం. 45 డిగ్రీల వాలు వల్ల అసలు వెడల్పు 106, అంటే రెండు పిక్సెళ్లు. అక్కడక్కడా గాడులే రాలేదు. చిప్ 4లో పొడవు వెంట 212, ఖాళీ 212 పెట్టాం, లోతు 50 మైక్రాన్లు (25 చొప్పున రెండు పొరలు). పన్నెండు గాడుల చక్రం 5.1 మిల్లీమీటర్లు, మొత్తం పది చక్రాలు. ప్రింటర్ స్లైసర్ సాఫ్ట్‌వేర్‌లో యాంటీ-ఏలియాసింగ్ (అంచులను నునుపు చేసే సెట్టింగ్) ఆపేయాలి, లేకపోతే గాడి అంచులు కరిగినట్టు వస్తాయి.

ఐదో చక్రం చివర సూచీ 0.9 దాటింది. అక్కడిదాకా కాలువలో ఉన్న నీరు 2 మైక్రోలీటర్ల పైచిలుకు మాత్రమే. నిమిషానికి 2, 20 మైక్రోలీటర్ల దగ్గర కూడా పది చక్రాల చివర ఆపే పరీక్షలో రంగు కదలలేదు.

గాడులతో వచ్చిన కొత్త తలనొప్పి బుడగలు. పీడీఎంఎస్‌కు నీరు అంటదు, ప్రతి గాడిలోనూ గాలి చిక్కుతుంది. ఒక గాడిలో బుడగ ఉంటే ఆ చక్రం చెడినట్టే. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నింపి, అన్ని గాడులూ తడిశాక, మరిగించి చల్లార్చిన నీటితో అరగంట కడిగి, అప్పుడు రంగులు పంపాలి. ఉదయం చల్లటి నీరు నింపి మధ్యాహ్నం దాకా నడిపితే కరిగిన గాలి వేడికి బయటికి వస్తుంది, అందుకే మరిగించమనేది.

ఉష్ణోగ్రత ప్రతి ఫోటో పక్కన రాయాలి. 15 డిగ్రీల చలికాలపు తెల్లవారుకూ 35 డిగ్రీల ఏప్రిల్ మధ్యాహ్నానికీ వ్యాపనం 1.7 రెట్లు తేడా. చిప్ 1ని రెండు కాలాల్లో కొలిస్తే రెండు చిప్‌లనుకుంటారు.

ఇప్పుడు చిప్ 5 గీతలో ఉంది: బోరు నీటిలో ఇనుమును ఫెనాంత్రోలిన్‌తో (ఇనుముతో కలిస్తే నారింజ రంగునిచ్చే రసాయనం) చూసేందుకు. చేపముల్లు ఆరు చక్రాలు చాలు. ఆ నారింజ రంగు నిండుగా రావడానికి పది నిమిషాలు కావాలి కాబట్టి, వెనక 100 మైక్రోలీటర్ల నిలవ కాలువ: 1 మిల్లీమీటరు వెడల్పు, 1 మిల్లీమీటరు లోతు, 100 మిల్లీమీటర్ల పొడవు. స్లైడు 75 కాబట్టి ఒక్క మడత పడుతుంది.