నెవాడాలో 20 ఎకరాల బంగారం క్లెయిము: నా అనుభవం

నిన్న పోస్టులో రసీదు అందింది. నా క్లెయిముకు సీరియల్ నంబరు వచ్చింది. నెలల తరబడి పడిన టెన్షన్ తీరింది కాబట్టి వేడి చల్లారకముందే రాసేస్తున్నాను, ముఖ్యంగా ఇక్కడ అమెరికాలో ఉంటూ వీడియోలు చూసి నాలాగే ఆశపడుతున్న మనవాళ్ల కోసం.

మాది కర్నూలు జిల్లా, తుగ్గలి దగ్గర. తొలకరి పడితే జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం జనం వంగి నేల వెతుకుతుంటారు కదా, ఆ జనంలో పెరిగినవాణ్ణి. అక్కడ రాయి దొరికితే వ్యాపారికి అమ్ముకోవడమే, ఆ చోటు మనదవదు. ఇక్కడ 1872 నాటి మైనింగ్ చట్టం ఇంకా నడుస్తోంది. క్లెయిములకు తెరిచి ఉన్న ఫెడరల్ భూమిలో ఖనిజం కనిపెట్టి, గుంజ పాతి, కాగితం నమోదు చేసుకుంటే ఆ ఖనిజం మీద హక్కు వస్తుంది. భూమి మనదైపోదు. పట్టా ఇవ్వడం 1994 అక్టోబరు నుంచి ఆపేశారు. అక్కడ ఇల్లు కట్టుకుందాం అనుకునేవాళ్లు ఆ ఆలోచన మానుకోండి.

ఇంకో సంగతి. క్లెయిము వేసేవాడు అమెరికా పౌరుడై ఉండాలి, లేదా పౌరుడవుతానని అధికారికంగా ప్రకటించినవాడై ఉండాలి. ప్లేసర్ క్లెయిము, అంటే వాగు ఇసుకలో, గులకలో దొరికే బంగారానికి వేసేది, మనిషికి 20 ఎకరాలు. ఎనిమిది మంది కలిస్తే 160 దాకా వేయొచ్చు. మా బావమరిది హెచ్1బీ మీద ఉన్నాడు, తన పేరూ కలిపి 40 ఎకరాలు వేద్దామని చాలా పట్టుబట్టాడు. కుదరదన్నాను, నెల రోజులు అలిగాడు. పేరుకు మాత్రం మనుషుల్ని చేర్చి ఎక్కువ ఎకరాలు వేయడం కూడా తప్పే, ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు.

భూమి ఖాళీగా ఉందో లేదో బీఎల్ఎం (ఫెడరల్ భూముల్ని చూసుకునే శాఖ) ఆన్‌లైన్ మ్యాపులో ఒక సాయంత్రం కూర్చుంటే తెలిసిపోయింది. ఎండిన వాగు కాబట్టి క్యాన్లలో నీళ్లు మోసుకెళ్లి ప్యాన్ చేశాం, అంటే పళ్లెంలో ఇసుక కడిగి చూశాం, నల్ల ఇసుకలో రవ్వలు కనిపించాయి. ఇక్కడిదాకా సులువే.

అసలు పరువు పోయింది గుంజల దగ్గర.

ఒక వీడియోలో చూసి నాలుగు తెల్ల ప్లాస్టిక్ పైపులు కొన్నాను. శనివారం పొద్దున్నే బావమరిదిని, పదేళ్ల మా అబ్బాయిని తీసుకుని వెళ్లాను. వాగు ఐమూలగా పోతుంది కాబట్టి దాని వెంబడే 1,320 అడుగులు పొడవు, 660 అడుగులు వెడల్పు ఫోనులో కొలిచి నాలుగు మూలలా పైపులు దిగ్గొట్టాం. లెక్కకు సరిగ్గా 20 ఎకరాలు. ఫొటోలు కూడా దిగాం. అప్పుడే పాత ట్రక్కులో ఒక పెద్దాయన వచ్చి ఆగాడు. పలకరింపు లేదు. పైపు దగ్గరికి వెళ్లి లోపలికి తొంగిచూశాడు, రెండు చేతులతో ఊపి పీకి నేల మీద పడుకోబెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "అది నా క్లెయిము, ముట్టుకోవద్దు" అని అరిచాను. "ఈ రాష్ట్రం చట్టం చదివావా?" అని అడిగాడు, అంతే. మా అబ్బాయి నా మొహం వైపు చూస్తున్నాడు. చదవలేదని చెప్పాల్సి వచ్చింది.

అర మైలు అవతల ఎవరో ఎప్పుడో వదిలేసిన అలాంటి పైపు ఒకటుంది. మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లి దాన్నీ పీకి తలకిందులు చేశాడు. ఈకలు, చిన్న చిన్న ఎముకలు, ఎండిపోయిన పిట్టలు రాలాయి. గూడుకు తొర్ర అనుకుని లోపలికి దిగుతాయట. గోడ నున్నగా ఉంటుంది, రెక్క విప్పే చోటుండదు, పైకి రాలేక అందులోనే చచ్చిపోతాయి. మా అబ్బాయి పిట్ట తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టి ఏడున్నాయని ఏడ్చేశాడు. నెవాడాలో 1993 నుంచే కొత్తగా ప్లాస్టిక్ పైపు పాతకూడదు. మూత లేని పాత పైపు కనిపిస్తే పీకి పక్కన పెట్టే హక్కు 2011 నవంబరు నుంచి ఎవరికైనా ఉంది. ఆ వీడియో చేసినవాడికి ఈ ముక్క చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. డబ్బు కోసం వీడియోలు చేసేవాళ్ల మీద నాకు ఇంకా కోపం పోలేదు.

అక్కడితో అవమానం అయిపోలేదు. ఆయన, క్లెయిము నాదని రాసి గుంజ దగ్గర పెట్టిన నా నోటీసు కాగితం చదివి, పుల్లతో నేల మీద చదరం గీశాడు. ఇక్కడి భూమంతా అలా చదరాలుగానే కొలిచారు. ఆరు మైళ్ల టౌన్‌షిప్, అందులో 36 సెక్షన్లు, సెక్షనుకు 640 ఎకరాలు. దాన్ని నాలుగు చేస్తే 160, మళ్లీ నాలుగు చేస్తే 40, అందులో సగం 20. ఇలా సర్వే అయిన చోట ప్లేసర్ క్లెయిము వీలైనంత వరకు ఆ గళ్ల ప్రకారమే వేయాలి, వాగు ఎటు వంగితే అటు గీసుకుంటే కుదరదు. పైగా గళ్ల ప్రకారం వేస్తే నాలుగు మూలలూ అక్కర్లేదు, నోటీసు పెట్టిన ఒక్క గుంజ చాలు! కొంచెం దూరం నడిపించి సెక్షను మూల చూపించాడు. ఇనప గొట్టం, పైన ఇత్తడి బిళ్ల, దాని మీద అంకెలు. దాన్ని కదిపితే ఫెడరల్ నేరం.

ఆ బిళ్ల చూడగానే మా జేజినాయన గుర్తొచ్చాడు. సర్వేయరు గొలుసు పట్టుకుని వచ్చిన రోజు నన్ను చెయ్యి పట్టుకుని ఒక్కో హద్దురాయి దగ్గరికీ తీసుకెళ్లి తాకించాడు. హద్దురాయి కదిపినోడికి పుట్టగతులుండవనేవాడు. ఆయన మనవణ్ణయి ఉండి, ఒకరి నేల మీదికి వచ్చి హద్దులు ఎక్కడున్నాయో వెతకకుండా నా ఇష్టం వచ్చినట్టు పైపులు కొట్టాను. బంగారం దొరక్కపోయినా ఇంత సిగ్గుపడేవాణ్ణి కాదు.

తర్వాత మూడు రాత్రులు ఆ భూమి వివరణ రాయడానికే పట్టింది. "ఆగ్నేయ పావులోని వాయవ్య పావులో ఉత్తర సగం" ఇలా ఉంటుంది వరస. ఇంగ్లీషులో దీన్ని వెనక నుంచి ముందుకు చదివితే అర్థమవుతుంది, వాస్తు చూసే ఇంట్లో పుట్టినవాళ్లకు దిక్కులు కొత్త కాదు. నా వాగు సగమే ఆ గడిలో పడింది, మిగతా సగం వదులుకున్నాను. ఈ రాతకోతలకు వందల డాలర్లు అడిగే దళారులున్నారు, ఒక్క పైసా ఇవ్వకండి. సొంతంగా చేశాను, ఒక్క దిద్దుబాటు కూడా లేకుండా తీసుకున్నారు.

క్లెయిము వేసిన రోజు నుంచి 90 రోజుల్లో కౌంటీ (మన జిల్లా లాంటిది) రికార్డరు దగ్గరా, బీఎల్ఎం దగ్గరా రెండు చోట్లా నమోదు చేయాలి. కౌంటీలో చేస్తే చాలనుకోవద్దు. 2024 సెప్టెంబరు నుంచి క్లెయిము వేసేటప్పుడు ఒక్కసారి కట్టే లొకేషన్ ఫీజు 49 డాలర్లు, ఏటా కట్టేది 20 ఎకరాలకు 200, ముందు 165 ఉండేది. ప్రాసెసింగ్ ఫీజు, కౌంటీ ఫీజులు వేరే. ఏటా కట్టే ఫీజుకు గడువు సెప్టెంబరు 1. పది క్లెయిములు మించనివాళ్లు మాఫీకి పెట్టుకోవచ్చు, కానీ మొదటి ఏడాదికి వర్తించదు, క్లెయిముకు 100 డాలర్ల విలువైన పని చేసి చూపించాలి కూడా. నెవాడాలో అయితే నవంబరు 1 లోపు కౌంటీకి మరో కాగితం ఉంది.

తేదీల విషయంలో నిర్లక్ష్యం వద్దు. ఇదే నెవాడాలో లాక్ అనే కుటుంబం 1980లో కాగితాలు డిసెంబరు 31న ఇచ్చింది. చట్టంలో "డిసెంబరు 31కి ముందు" అని ఉంది. ఒక్క రోజు తేడాకు పది క్లెయిములు పోయాయి, సుప్రీంకోర్టు కూడా 1985లో అది సరేనంది. దశాబ్దాల కష్టం ఒక్క రోజుకు పోవడం నాకిప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది.

ప్యాన్, పార, చిన్న చేతి స్లూయిస్‌తో (ఇసుక కడిగే తొట్టి) చేసుకునే పనికి మామూలుగా ముందస్తు నోటీసు అక్కర్లేదు. జేసీబీ లాంటిది దించాలంటే మాత్రం నోటీసు ఇచ్చి, నేల మళ్లీ పూడ్చడానికి పూచీ డబ్బు కట్టాలి. నేను పారతోనే ఉంటాను.

ఇప్పుడు అక్కడ నేల మీద నాలుగడుగులు కనిపించే చెక్క గుంజ ఒక్కటే ఉంది, మా అబ్బాయే సుత్తి పట్టాడు. ఆ నాలుగు పైపులూ పెరట్లో బీరపాదు పందిరికి వాడుతున్నాం, పైన మూతలు బిగించి.