రొయ్య పిల్లకి చేసే టెస్టు

మా నెల్లూరు వైపు రొయ్యల చెరువు వేసేవాళ్లు హేచరీ నుంచి పిల్ల దింపే ముందు, వైరస్ ఉందో లేదో చూసే పీసీఆర్ టెస్టు చేయిస్తారు. 1994లో వైట్‌స్పాట్ వైరస్ వచ్చి టైగర్ రొయ్య చెరువులకి చెరువులే పోయిన తర్వాత నేర్చుకున్న జాగ్రత్త అది. మా నాయన కూడా అప్పుడే అప్పులపాలై, చెరువు పూడ్పించి మళ్లీ వరి కయ్యలోకి దిగాడు. కరోనా రోజుల్లో టీవీలో ఆర్‌టీ-పీసీఆర్ అనే మాట విని నాకు ఫోన్ చేశాడు. "ఇది మన రొయ్య పిల్లకి చేసే టెస్టే కదమ్మా, దీనికింత హడావుడి ఏంది?" అన్నాడు. ఆస్ట్రేలియా ఉత్తరాన డార్విన్‌లో ఆసుపత్రి డ్యూటీ దిగి గౌను విప్పుకుంటా నవ్వాను. ఆ నవ్వులోనే మా చిన్నాయన గుర్తొచ్చాడు.

చిన్నాయనకి షుగర్. కార్తెలు చూసుకుని చెప్పుల్లేకుండా కయ్యలో తిరిగే మనిషి. ఒక ఏడు వానలకి జ్వరం పట్టుకుంది. ఊళ్లో ఆర్ఎంపీ సూదులు వేశాడు, తగ్గలేదు. నెల్లూరు పొగతోటలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయారు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద మచ్చ ఉందని టీబీ మందులు మొదలుపెట్టారు. కళ్లెలో టీబీ క్రిమి మాత్రం దొరకలేదు. స్కాన్‌లో ప్లీహంలో చిన్న చిన్న చీముగడ్డలు కనపడ్డాయి. రక్తంలో క్రిమిని పెంచి చూసే కల్చర్ రిపోర్టులో "సూడోమోనాస్ జాతి, కంటామినేషన్ కావచ్చు" అని, అంటే బయటి క్రిమి కలిసి ఉండొచ్చని, రాసి ఉంది. పదకొండో రోజు పోయాడు. నేనప్పుడు ఎంబీబీఎస్ మూడో ఏడు. ఆ రిపోర్టు చదివి, పెద్ద తెలిసినదాన్ని అయినట్టు, "అది కంటామినేషన్ నాయనా, దాన్ని పట్టించుకోబళ్లేదు" అని నాయనకి చెప్పింది నేనే. ఆ ఫైలు ఆయన బీరువాలో ఇప్పటికీ ఉంది.

మెలియాయిడోసిస్ అనే జబ్బు మీద ఇప్పుడు పనిచేస్తున్నా, ఆస్ట్రేలియాకి నేను దాని కోసం రాలేదు. అందరి మాదిరే బయటి దేశపు డాక్టర్లకి ఆస్ట్రేలియాలో పెట్టే ఏఎంసీ పరీక్ష రాశాను, మూడున్నర గంటల్లో నూట యాభై ప్రశ్నలు. తర్వాత క్లినికల్ పరీక్ష. ఆ తర్వాత సిడ్నీ, మెల్‌బోర్న్‌లకి పెట్టిన దరఖాస్తులకి జవాబులే రాలేదు. డార్విన్‌కి పోయేవాళ్లు తక్కువని ఎవరో అంటే అక్కడికి పెట్టాను, పిలిచారు. విమానం దిగితే మొహానికి తగిలిన గాలి అచ్చం మన మే నెల గాలే, కాకపోతే ఉక్క ఎక్కువ. వానకి ముందొచ్చే ఈ ఉక్కనెలల్ని వాళ్లు బిల్డప్ అంటారు. మనుషులు ఊరికే చిరాకు పడే కాలం అది. వీధుల్లో మామిడిచెట్లు. చేపల కొట్లో బారాముండి అని బోర్డు పెట్టి అమ్ముతుంటే దగ్గరికి పోయి చూశాను, మన పండుగప్ప! అదే చేప, పేరొక్కటే మారింది. ఆ రాత్రే మామిడికాయ వేసి పులుసు పెట్టాను. చింతపండు ఇండియన్ కొట్లో దొరికింది గానీ, పులుసు మర్నాటికి నిలవ ఉంచి తినాలని పక్క ఫ్లాటులో పంజాబీ అమ్మాయికి నచ్చజెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

పని మొదట్లో నాకు కష్టమనిపించింది మందులూ రోగాలూ కాదు, పిలుపులు. తలనెరిసిన ప్రొఫెసర్‌ని కూడా పేరు పెట్టి పిలవాలంటారు. నాకు నోరు తిరిగేది కాదు. ఆర్నెల్ల పాటు ఎవర్నీ ఏమీ పిలవకుండా, ఎదురుగా పోయి నిలబడి దగ్గేదాన్ని.

మొదటి వానాకాలంలోనే, రౌండ్స్‌లో మా కన్సల్టెంట్ ఒక మాట చెప్పింది. ఈ నెలల్లో జ్వరంతో, ఆయాసంతో వచ్చినవాళ్లకి కాదని తేలేదాకా మెలియాయిడోసిసే అనుకోమంది. మా టెక్స్ట్‌బుక్కులో దానికి ఒక పేరా ఉండేది, పరీక్షలో ఎవరూ అడగరని వదిలేసిన పేరా. వారం తిరక్కుండా ఒకాయన వచ్చాడు. షుగర్ ఉంది, వానలో పెరట్లో మట్టిపని చేశాడు, న్యుమోనియా. స్కాన్ తీస్తే ప్లీహంలో చిన్న చిన్న చీముగడ్డలు. స్క్రీను ముందు నేను చాలాసేపు అట్నే కూర్చున్నాను. రేడియాలజిస్టు వచ్చి ఏమన్నా సందేహమా అనడిగాడు. లేదన్నాను.

దీని క్రిమి పేరు బర్కోల్డేరియా సూడోమాలై. ఉండేది మట్టిలో, బురదనీళ్లలో. కాలి పగుళ్లలోంచి ఒంట్లోకి పోతుంది, గాలివానలో పీల్చినా పోతుంది. షుగర్ ఉన్నవాళ్లంటే దానికి మరీ అలుసు. టీబీ మాదిరి వేషం కడుతుంది. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్‌కి లొంగదు. 1911లో రంగూన్‌లో విట్‌మోర్, కృష్ణస్వామి అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని మొదట గుర్తుపట్టి, మరుసటి ఏడు 1912లో రాశారు. ఆ కాలంలో రంగూన్ రేవులో మూటలు మోసింది ఎక్కువగా మన తెలుగువాళ్లే, కొరంగీలని పిలిచేవాళ్లు. అంటే వలసపోయిన తెలుగువాళ్లు తిరిగిన రేవుపట్నంలోనే ఈ జబ్బు మొదట బయటపడింది. మన వార్డుల్లోకి మాత్రం దాని పేరు రాలేదు.

డార్విన్‌లో నన్ను కట్టిపడేసింది ఒక లెక్క. 1989 అక్టోబరు నుంచి అక్కడ, కల్చర్‌లో ఈ క్రిమి దొరికిన ప్రతి మనిషి వివరాలూ రాస్తున్నారు. బార్ట్ కర్రీ అనే డాక్టరు మొదలుపెట్టిన పని. ముప్పై ఏళ్లకి 1148 మంది ఎక్కారు. మొదటి ఐదేళ్లలో నూటికి 31 మంది చనిపోతే, చివరి ఐదేళ్లలో 6. ఏదో అద్భుతమైన కొత్త మందు కనిపెట్టారేమో అనుకున్నాను. అది కాదు. సెఫ్టాజిడిమ్ గానీ మెరోపెనెమ్ గానీ రెండు వారాలకి తగ్గకుండా రక్తంలోకి ఎక్కించడం, తర్వాత మన సెప్ట్రాన్ మాత్ర మూడు నెలలు. రెండూ పొగతోట మందుల షాపుల్లో దొరికేవే. తేడా అంతా మొదటిరోజే అనుమానించడంలో, కల్చర్ చదవడంలో, సమయానికి ఐసీయూకి చేర్చడంలో.

నేనూ ఆ ఫారాలు నింపడంతోనే పరిశోధనలోకి దిగాను. చెప్పుల్లేకుండా నడిచారా? తోటపని చేశారా? జ్వరం ఏ రోజు మొదలైంది? అంతకుముందు వారం వాన ఎంత? మా పేషెంట్లలో చాలామంది ఆదివాసీలు, ఇంగ్లీషు వాళ్లకి మూడో భాషో నాలుగో భాషో. ఇంటర్‌ప్రెటర్‌తో కూర్చుని ఒక ముసలామెని జ్వరం ఎప్పుడొచ్చిందని అడిగితే రెండు నిమిషాలు మాట్లాడలేదు. నేను మళ్లీ అడగబోతే ఇంటర్‌ప్రెటర్ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె ఆలోచిస్తోంది, అంతే. మన ఓపీల్లో మూడు నిమిషాలకొక పేషెంటుని చూసిన చేత్తో అట్లా ఊరకే కూర్చోవడం నేర్చుకోడానికి నాకు ఏడాది పట్టింది. రెండు వారాల ఇంజెక్షన్లకి మూడోరోజే ఊరికి పోతామనేవాళ్లుంటారు. వాళ్లని తప్పుబట్టలేను. ఇంటికి నాలుగువందల కిలోమీటర్ల దూరాన నాలుగు గోడల మధ్య పడుకోవడం ఎట్లుంటుందో నాకూ కొద్దోగొప్పో తెలుసు.

పీహెచ్‌డీకి చేరానని చెబితే మా అత్త అన్నమాట: "ఇంకా చదవతానే ఉండావా తల్లీ, డాక్టరువి ఎప్పుడవుతావు?" పగలు వార్డు, ఆదివారం ఎక్సెల్ షీటు. గ్రాంటుకి రెండుసార్లు పెడితే రెండుసార్లూ రాలేదు. దాని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

2016లో వచ్చిన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా ఈ జబ్బు 1,65,000 మందికి వస్తుంది, 89,000 మంది పోతారు. కేసుల్లో 44 శాతం దక్షిణాసియాలోనే. ఇది గణితం వేసి కట్టిన లెక్క, ఆసుపత్రుల్లో లెక్కబెట్టింది కాదు. మన దగ్గర లెక్కబెట్టాలంటే ముందు ల్యాబులో క్రిమిని గుర్తుపట్టాలి కదా. నెల్లు అంటే వరి, అందుకే నెల్లూరని పెద్దలంటారు. ఏడాదికి రెండు కార్లు, అంటే రెండు పంటలకి, బురదలో దిగే జిల్లా. ఈశాన్య రుతుపవనాల వాన. ఇంటింటికీ షుగర్. ఇక్కడ ఈ జబ్బు లేదనడానికి నాకు ధైర్యం చాలదు.

పోయిన డిసెంబరులో ఇంటికి పోయినప్పుడు, క్లాస్‌మేట్ నడిపే ల్యాబుకి వెళ్లాను. మైక్రోబయాలజీ బెంచి దగ్గర పాతికేళ్ల కుర్రాడొకడు ఉన్నాడు. సూడోమోనాస్ అని రిపోర్టు ఇచ్చేవాటిలో జెంటామైసిన్‌కీ, కొలిస్టిన్‌కీ రెండిటికీ లొంగకుండా, కో-అమాక్సిక్లావ్‌కి మాత్రం లొంగేవి ఉంటాయా అనడిగాను. ఈ క్రిమి గుర్తులవి. "అప్పుడప్పుడూ వస్తాయి మేడమ్, విచిత్రంగా ఉంటాయి. అవి ఏంటోలే అని పారేస్తాం" అన్నాడు. ఆ మూడు మందుల డిస్కులు ప్లేటు మీద పెట్టి చూడమన్నాను. ప్లేటు మూత తీసి వాసన చూడొద్దని, సేఫ్టీ క్యాబినెట్ లోపలే తెరవమని రెండుసార్లు చెప్పాను. ఒక స్ట్రెయిన్ డార్విన్‌కి పట్టుకుపోతారా అనడిగాడు. డార్విన్ ఎయిర్‌పోర్టులో మా అమ్మ పెట్టిచ్చిన ఎండు చేపల్నే డస్ట్‌బిన్‌లో వేయించారు, ఇక క్రిమిని రానిస్తారా! దానికి అటూ ఇటూ ఎన్నో అనుమతులు కావాలి. అవసరం లేదు కూడా. చూడాల్సింది ఇక్కడ, చూసే కళ్లూ ఇక్కడే ఉన్నాయి.

తిరిగొచ్చే ముందురోజు నాయనకి రబ్బరు బూట్లు కొనిపెట్టాను. అవి వేసుకుని కయ్యలోకి దిగి, రెండో అడుగులో ఒక బూటు బురదకి వదిలేసి, గట్టుమీదికొచ్చి నావంక చూశాడు. చిన్నాయన ఫైలు గురించి ఆయనకి ఏం చెప్పాలో ఆలోచించుకుని పోయాను. చెప్పలేదు. అది అదేనని నేనెట్లా రుజువు చేస్తాను, ప్లేటు ఎప్పుడో పారేశారు.

నిన్న రాత్రి ఆ కుర్రాడు వాట్సాప్‌లో ఫోటో పంపాడు. నలభై ఏడేళ్ల షుగర్ పేషెంటు, రక్తం కల్చర్. ప్లేటు మీద ఎండిన తామరాకు మాదిరి ముడతలు పడిన క్రిమి కాలనీలు. "మేడమ్, ఇదేనా?" అని కింద రాశాడు. ఫోటో చూసి చెప్పకూడదని నాకు తెలుసు. డిస్కులు పెట్టావా అనడిగాను. పెట్టానన్నాడు, పొద్దున పదింటికి చూస్తానన్నాడు. అక్కడ పొద్దున పది అంటే నాకు మధ్యాహ్నం రెండు. ఓపీ ఉంది, ఫోన్ జేబులోనే పెట్టుకుంటాను.