వల కట్టే కుర్రాడిని వెనక్కి పంపిన రోజు

పావురాలు రాకుండా మా బాల్కనీకి వల కట్టడానికి వచ్చిన కుర్రాడిని ఈ రోజు పని మొదలుపెట్టకుండానే వెనక్కి పంపవలసి వచ్చింది. మధ్యాహ్నం నుంచి ఆ సంగతే మనసులో నలుగుతోంది, నిద్ర పట్టక లేచి ఇది రాస్తున్నాను. అత్తయ్యగారి దగ్గు ఇప్పుడే కాస్త సర్దుకుంది. ఆయన మాత్రం "నువ్వే పిలిపించావు, నువ్వే పంపేశావు, ఇంక పావురాల మాట నా దగ్గర ఎత్తకు" అనేసి అటు తిరిగి పడుకున్నారు.

నాగావళి నది వైపు బాల్కనీ ఉందనే మేము రాయగడలో ఈ ఇల్లు తీసుకున్నాం. ఇప్పుడు ఆ బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చునే వీలు లేదు. ఏసీ బయటి పెట్టె కింద, ఆ పెట్టెకూ గోడకూ నడుమ సందులో, కిటికీ సన్‌షేడ్ మీద, చివరికి నీళ్ల గొట్టం వంపులో కూడా పావురాలే. మొన్న బూడిద గుమ్మడికాయ వడియాలు పెట్టాను. ముక్కలు తరిగి, ఉప్పు వేసి, గుడ్డలో మూట కట్టి, రాత్రంతా రుబ్బురాయి కింద పెట్టి నీరు పిండి, పొద్దున్నే మినప్పప్పు రుబ్బి కలిపి, పాత చీర మీద వరుసగా పెట్టి వచ్చాను. సాయంత్రం వెళ్లి చూస్తే చీరంతా రెట్టలు. ఒక్క వడియం కూడా దాచుకోవడానికి మనసొప్పలేదు, చీరతో సహా చుట్టి పారేశాను. చిన్నదానికి విశాఖపట్నం పంపుదామని పెట్టిన వడియాలవి.

వడియాలు పోతే మళ్లీ పెట్టుకోవచ్చు, కాని అత్తయ్యగారి ఊపిరితిత్తుల విషయం అలా కాదు. ఎండిన రెట్టల పొడి, ఈకల ధూళి రోజూ పీలిస్తే కొందరికి ఊపిరితిత్తులు వాచి, ఆయాసం శాశ్వతంగా నిలిచిపోతుందని డాక్టరుగారు హెచ్చరించారు. ఆ రెట్టల్లో పెరిగే క్రిప్టోకాకస్ అనే శిలీంధ్రం, రోగనిరోధక శక్తి తగ్గినవారిలో మెదడు పొరల దాకా పాకగలదని కూడా చెప్పారు. ఎండిన రెట్టలను చీపురుతో ఊడవడమే అన్నిటికంటే ప్రమాదమట. ముందు నీళ్లు చల్లి బాగా తడిపి, ముక్కుకు మాస్కు కట్టుకుని, రేకుతో గీకి, సంచిలో మూటగట్టి తీసెయ్యాలి. పనిమనిషికి ఈ సంగతి నచ్చజెప్పడానికి నాకు చాలా ఓపిక కావలసి వచ్చింది. నేను వెనక్కి తిరిగితే చాలు, ఆమె పొడి చీపురు అందుకుంటుంది.

చేయని ప్రయత్నం లేదు. పాత సీడీలు దారానికి కట్టి వేలాడదీస్తే నాలుగు రోజులు బెదిరి, తరువాత ఆ దారాల పక్కనే కూర్చున్నాయి. ఆయన ఆన్‌లైన్‌లో తెప్పించిన అల్ట్రాసౌండ్ పరికరం గోడకు తగిలించి ఎరుపు దీపం వెలుగుతుంటే చూస్తూ ఉండిపోయాం. మనుషులకు వినిపించని ఆ హెచ్చు ధ్వని పావురాలకు కూడా వినిపించదని తరువాత చదివి తెలుసుకున్నాను. నాఫ్తలీన్ ఉండలు పెట్టమని ఎవరో చెప్పారు గాని, ఆ వాసన ఆయాసం ఉన్న మనిషికి ఇంకా చేటు కాబట్టి ఒప్పుకోలేదు. ముళ్ల పట్టీలు సన్‌షేడ్ మీద కొంతవరకు పనిచేశాయి, కాని ఏసీ దగ్గర బిగించిన పట్టీ ముళ్ల నడుమ అవే పుల్లలు తెచ్చి పేర్చుకుని, ఆ ముళ్లనే గూటికి ఆసరా చేసుకున్నాయి. ఇక మిగిలింది వల ఒక్కటే. ఏభై మిల్లీమీటర్ల కన్ను ఉన్న నైలాన్ వల అయితే పావురం దూరదు, గాలీ వెలుతురూ ఆగవు.

కుర్రాడు కొక్కేలు, తాడు, డ్రిల్లింగ్ మిషను తెచ్చుకుని వచ్చాడు. "అమ్మా, ముందు ఆ మూల గూడు తీసేయాలి, లేకపోతే తాడు బిగించడానికి చోటు లేదు" అన్నాడు. తీసేయమనే అనబోయాను. అత్తయ్యగారు రాత్రంతా పడిన బాధ కళ్ల ముందుంది, నాకు ఆ క్షణంలో జాలి ఏ మూలా లేదు. అతను స్టూలెక్కి ఏసీ పెట్టె వెనక ఫోను లైటు వేసి "పిల్లలున్నాయమ్మా" అన్నాడు. నేనూ ఎక్కి చూశాను. గూడంటే పేరుకే గూడు. నాలుగు చీపురు పుల్లలు, ఒక ఇనుప తీగ ముక్క, ప్లాస్టిక్ తాడు పోగులు, మా ఇంటి పూజలోదే కాబోలు, పసుపు రంగు వెలిసిన తోరపు దారం. వాటి మధ్య రెండు పిల్లలు, ఒంటి నిండా పచ్చటి నూగు, ఆ చిన్న తలకు ఏమాత్రం పొంతన లేని పొడుగాటి ముక్కు, ఇంకా పూర్తిగా విడని కళ్లు. లైటు పడగానే రెండూ మెడలు సాచి ముక్కులు తెరిచాయి.

మూల వదిలేసి మిగిలినదంతా కట్టమన్నాను. సగం వల కడితే లోపలికి వచ్చిన పావురం బయటికి దారి తెలియక వలలో చిక్కుకుని చచ్చిపోతుందని, ఆ పని తను చేయనని కచ్చితంగా చెప్పాడు. ఆ మాట సరైనదే. రాకపోకల ఖర్చు ఇచ్చి పంపేశాను. ఆయన కోపమంతా ఆ డబ్బు గురించే.

అసలు నాకు కోపం రావలసింది ఎవరి మీద? ఇది రాయకూడదనుకుంటూనే రాస్తున్నాను. పై అంతస్తు పిన్నిగారి సంగతి. ఆవిడ రోజూ పొద్దున్నే డాబా మీద గోధుమలు, నూకలు చేటల కొద్దీ చల్లుతారు. పిడికెడు గింజలైతే నేను మాట్లాడేదాన్ని కాదు. పావురాలు తిన్నంత తిని వదిలేసిన గింజలు వానకు నాని కుళ్లి, ఎలుకలు చేరి, డాబా మీద బట్టలు ఆరేసే చోటు లేకుండా పోయింది. నేను ఒకసారి వెళ్లి చాలా మర్యాదగానే చెప్పాను. "పిన్నిగారూ, అత్తయ్యగారికి ఊపిరి ఆడడం లేదు, గింజలు కొంచెం తగ్గించండి" అంటే, "మూగజీవాల నోటికాడ కూడు తీయమంటావా అమ్మా? మీ బాబాయిగారు పోయాక నాకున్న తోడు అవే" అన్నారు. ఆ మాట మీద నేనేమీ అనలేక దిగి వచ్చేశాను. ఆ మర్నాటి నుంచి గింజలు ఇంకా పొద్దున్నే, ఇంకా ఎక్కువగా పడుతున్నాయి. భవనం సంఘం పెద్దలకు చెబితే "మీరూ మీరూ ఆడవాళ్లు సర్దుకోండమ్మా" అన్నారు. ఒక మనిషి ఊపిరికి సంబంధించిన విషయం వాళ్లకు ఆడవాళ్ల సర్దుబాటుగా కనిపించడం నాకు ఇప్పటికీ మింగుడు పడడం లేదు. ఆవిడ పుణ్యం ఆవిడ ఖాతాలో పడుతుంటే, రెట్టలన్నీ మా బాల్కనీలో పడడం ఏ ధర్మం?

ఈ ఆలోచనలో ఉండగానే తాతయ్య గుర్తుకు వచ్చారు. మా అమ్మ వాళ్ల నాన్నగారు కోరాపుట్‌లో పోలీసు కానిస్టేబులుగా ఉన్నప్పుడు పావురాల విభాగంలో పనిచేశారు. ఒడిశా పోలీసులకు పావురాల టపా 1946లో మొదలైనది మా కోరాపుట్ జిల్లాలోనే, అప్పట్లో రాయగడ కూడా ఆ జిల్లాలోనే ఉండేది. వైర్‌లెస్, టెలిఫోను లేని కొండ ఠాణాల కోసం సైన్యం రెండు వందల పావురాలను ఇచ్చిందట. అవి ఎక్కడ వదిలినా తమ గూటికి తిరిగి వచ్చే బెల్జియం జాతి హోమర్లు, మా బాల్కనీలో ఉన్నవాటి కంటే ఛాతీ వెడల్పు, మెడ నిటారు. 1948 ఏప్రిల్ 13న నెహ్రూగారు సంబల్‌పుర్ నుంచి కటక్‌కు పావురంతోనే కబురు పంపారని తాతయ్య తనే ఆ పావురాన్ని ఎగరేసినంత గర్వంగా చెప్పేవారు. 1982 వరదల్లో బాంకీ ప్రాంతం చుట్టూ నీళ్లు నిలిచినప్పుడు, 1999 పెను తుపానులో తీరమంతా కబురు తెలియకుండా పోయినప్పుడు కూడా ఆ పావురాలే ఆదుకున్నాయి. ఆ తరువాత కాలం మారి, వాటి పని ఉత్సవాలలో ఎగరడానికే మిగిలింది.

నన్ను చిన్నప్పుడు ఒకసారి ఆ పావురాల గూళ్లకు తీసుకువెళ్లారు. కోరాపుట్ చలికి శాలువా చుట్టుకుని, తాతయ్య వేలు పట్టుకుని నడిచాను. చెక్క గూళ్లు, జల్లెడ తలుపులు, ప్రతి పావురం కాలికీ అంకె వేసిన ఉంగరం. తాతయ్య ఒక పావురాన్ని తీసి, దాని కాళ్లు నా చూపుడు వేలికీ నడిమి వేలికీ మధ్య దూర్చి, బొటనవేలితో రెక్కల చివరలు ఎలా అదిమిపట్టాలో చూపించారు. గట్టిగా పట్టుకోకూడదు, వదులుగానూ పట్టుకోకూడదు. అరచేతిలో దాని ఒళ్లు వెచ్చగా, గుండె నా చేతిలోనే కొట్టుకుంటున్నంత వేగంగా ఉంది. పలచటి కాగితం మీద రాసిన కబురును చుట్టి చిన్న గొట్టంలో పెట్టి కాలికి ఎలా కడతారో చూపించి, "ఇది ఒకవైపే వెళుతుంది, దాని ఇంటికి. తిరుగు టపా కావాలంటే బూమరాంగ్ పావురం కావాలి" అన్నారు. అదేమిటంటే, ఒక పావురాన్ని ఒకచోట కాపురం పెట్టించి, ఇంకొక చోట మాత్రమే మేత పెట్టి అలవాటు చేస్తారు. ఆకలేస్తే మేత ఉన్న చోటికి, కడుపు నిండాక గూటికి, అలా రెండు వైపులా కబురు మోస్తుంది.

ఇది రాస్తుండగానే నాకు తట్టింది. మా భవనంలో జరుగుతున్నది అచ్చంగా అదే కదా. మేత డాబా మీద, కాపురం మా ఏసీ వెనక. పిన్నిగారు మేత ఆపనంత వరకు నేను ఎన్ని వలలు కట్టినా అవి నా పక్కింటి సన్‌షేడ్ మీదికి మారతాయి తప్ప ఊరు విడిచి పోవు. కనుక వల కంటే ముందు గింజల సంగతి తేల్చాలి.

అంతలోనే ఇంకొక ఆలోచన. గింజలు ఆపించినంత మాత్రాన గూడు ఖాళీ అవుతుందా? కొండ రాతి అంచుల మీద గూళ్లు పెట్టుకున్న జాతి ఇది, మన భవనాల అంచులు దానికి కొండ చరియలే. మేత దూరమైతే సంఖ్య తగ్గుతుంది గాని, అంచు దొరికినంత కాలం వస్తూనే ఉంటుంది. 2025లో ముంబయిలో దాదరులో పావురాలకు గింజలు వేసే కబూతర్‌ఖానాను టార్పాలిన్లతో కప్పేసి, గింజలు వేసినవారికి జరిమానాలు విధించినప్పుడు జనం రోడ్ల మీదికి వచ్చి టార్పాలిన్లు పీకేశారు. హైకోర్టు దాకా వెళ్లిన తగాదా అది. మా పిన్నిగారితో నేను అంతవరకు తెచ్చుకోదలచుకోలేదు. ఆవిడ ఒంటరితనం అబద్ధం కాదు, అత్తయ్యగారి ఆయాసమూ అబద్ధం కాదు. సంఘానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలని సాయంత్రం అనుకున్న మాట ఇప్పుడు వద్దనుకుంటున్నాను. రేపు అత్తయ్యగారినే వెంటబెట్టుకుని పైకి వెళతాను. ఆ దగ్గు ఆవిడ చెవులతో వినాలి. గింజలు మానేయమని అడగను, చేట కాదు గుప్పెడు చాలని, తిన్నాక మిగిలినది తుడిచేయమని అడుగుతాను. ఒప్పుకోకపోతే అప్పుడు ఫిర్యాదు సంగతి చూద్దాం.

పిల్లల విషయంలో ఇంకొక చిక్కుంది. గుడ్డు పొదగడానికి పద్దెనిమిది రోజులు, పుట్టిన పిల్ల ఎగరడానికి దాదాపు నెల. ఆ లోపల తల్లీ తండ్రీ ఇద్దరూ తమ గొంతు సంచిలో ఊరే పాలలాంటి ద్రవం పెట్టి మొదటి రోజులు పెంచుతాయి. అంతవరకు ఓపిక పట్టగలను. కాని మొదటి జత ఇంకా ఎగరకముందే ఆడది పక్కనే మళ్లీ గుడ్లు పెట్టేస్తుంది, అలా అయితే గూడు ఎన్నటికీ ఖాళీ కాదు. అందుకని వేరే గూడు వేసుకునే చోటు లేకుండా మిగతా అంచులన్నీ ఇప్పుడే మూయాలి. సన్‌షేడ్ మీద, గొట్టం వంపు మీద ఏటవాలుగా పలకలు బిగిస్తే, అవి జారుడుగా ఉండి పావురం కాలు నిలవదట. ఏసీ మూలలో మాత్రం రోజూ చూస్తూ, కొత్త గుడ్డు కనబడితే పొదగడం మొదలు కాకముందే తీసెయ్యాలి. పిల్లలను తీయలేను గాని, అది చేయగలను. ఆయనకు చెబితే "అదీ హత్యే" అంటారు, నేను అలా అనుకోవడం లేదు.

వడ్రంగికి పొద్దున్నే ఫోను చేయాలి. పలకలు నలభై ఐదు డిగ్రీల వాలుకు తగ్గకూడదు, అంచుకూ పలకకూ మధ్య సందు మిగలకూడదు. కొలతలు తీసి వంటింటి క్యాలెండరు వెనక రాసిపెట్టాను. వల కుర్రాడికి వచ్చే నెల రమ్మని మెసేజ్ పెట్టాను, "సరేనమ్మా, పిల్లలు ఎగిరాక ఒక ఫోటో పంపండి, మర్నాడే వస్తాను" అని జవాబిచ్చాడు.