స్టార్టర్ డబ్బాలో బల్లి

చెన్నైలో అక్టోబరు వానలు మొదలవగానే చీమలు సంపు పక్కనున్న మోటార్ స్టార్టర్ డబ్బాలోకి కాపురం మారుస్తాయి. బయట నేలంతా తడి, డబ్బాలో పొడి. కింద కేబుల్ దూర్చిన కంత ఎలాగూ తెరిచే ఉంటుంది. చీమల వెనకే బల్లి. ఇక్కడి ఎలక్ట్రీషియన్ మూత తీసి ‘పల్లి’ అంటే వేరుశనగ అనుకోకండి, తమిళంలో బల్లిని అలాగే అంటారు.

బటన్ నొక్కితే మోటారు తిరగకుండా డబ్బా గుర్రుమంటుంటే వెంటనే ఆపేయండి. డబ్బాలో మోటారుకు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్చును కాంటాక్టర్ అంటారు. దాని కాయిల్‌కి (తీగచుట్టకి) కరెంటు అందగానే లోపలి ఇనప ముక్కలు రెండూ టక్కున అతుక్కోవాలి. మధ్యలో బల్లి తోకో చీమల ముద్దో పడితే సందు మిగిలిపోతుంది. సందు ఉన్నంతసేపూ కాయిల్ మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, కాసేపట్లోనే మాడిపోతుంది. చీమలు కాంటాక్టు బిళ్లల మధ్య నలిగితే ఇంకో తంటా: బొగ్గుపొర కట్టి, స్పార్కులు కొట్టి, బిళ్లలు గుంటలు పడతాయి. త్రీ ఫేజ్ మోటారుకి ఒక బిళ్ల ఆనక ఒక ఫేజు అందకపోతే, మిగతా రెండు ఫేజుల మీదే నడవబోయి వైండింగ్ (మోటారు లోపలి తీగచుట్టు) కాలుతుంది.

శుభ్రం చేసేముందు మెయిన్ ఆపి టెస్టర్‌తో చూడండి. సింగిల్ ఫేజ్ డబ్బాలో కెపాసిటర్లుంటాయి, మెయిన్ ఆపినా వాటిలో చార్జి మిగలొచ్చు. హోల్డర్‌కి బిగించిన 100 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు వైర్లను ఒక్కో కెపాసిటర్ రెండు కొనలకూ కొన్ని సెకన్లు ఆనించి, మీటర్‌తో సున్నా చూశాకే చేయి పెట్టండి. ఎల్ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. తర్వాత పొడి పెయింట్ బ్రష్‌తో దులిపి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పూర్తిగా ఆరనివ్వాలి. బిళ్లలకు గరుకు కాగితం వద్దు, పైనున్న వెండి పొర అరిగిపోతుంది. గుంటలు పడితే కాంటాక్టర్ మార్చడమే. కొత్తది కొనేటప్పుడు పాతదాని కాయిల్ వోల్టేజీ, ఆంపియర్లు చూసుకోండి.

చాలామంది చేసే పని, డబ్బాలోకి బొద్దింకల స్ప్రే కొట్టడం. అందులోని ద్రావకం మండే సరుకు, కాంటాక్టర్ స్పార్కు ఇచ్చే సరుకు. చీమల చాక్‌పీసు పొడీ వద్దు, తేమ పీల్చుకుని టెర్మినళ్ల మీద పేరుకుంటుంది. నాఫ్తలీన్ ఉండలు కరిగేదాకా పనిచేస్తాయేమో, అంతకంటే నమ్మకండి. కంత మూస్తేనే పని అయినట్టు. కేబుల్ మందానికి సరిపడే గ్లాండ్ (కేబుల్ చుట్టూ సందు లేకుండా పట్టే బిగింపు) బిగించి, వాడని రంధ్రాలకు ప్లగ్గులు పెట్టి, మిగిలిన సందుల్లో సిలికాన్ పూయండి. పెన్సిల్ దూరే కంత చాలు పిల్ల బల్లికి. గాలి రంధ్రాలు మాత్రం మూయొద్దు, వేడి పోవాలి. లోపలివైపు సన్నని స్టీలు జాలీ, లైవ్ టెర్మినళ్లకు తగలకుండా అంటించండి.

పురుగుల తంటా స్టార్టర్‌కే కాదు. ఏసీ లోపలి యూనిట్ నీళ్లు కారుస్తుంటే గ్యాసు తగ్గిందనుకునేముందు బయటి డ్రెయిన్ గొట్టం కొన చూడండి. కందిరీగ అందులో మట్టిగూడు కట్టి ఉండొచ్చు. బయటినుంచి ఊదితే మట్టి లోపలికి పోతుంది, తడి పీల్చే వాక్యూమ్‌తో ఒక నిమిషం లాగాలి. తర్వాత ట్రేలో అరలీటరు నీళ్లు పోస్తే ధారగా బయటికి రావాలి. కొనకు దోమతెర కడితే జిగురుపట్టి అదే అడ్డమవుతుంది, 2 మిల్లీమీటర్ల కన్నాల జాలీ మేలు.

వాషింగ్ మెషిన్ అడుగు తెరిచి ఉంటే ఎలుకలకు ద్వారం తీసినట్టే. అడుక్కి జాలీ బిగించి, మోటారుకు గాలి ఆడనివ్వండి. కొరికిన వైరుకు టేపు చుట్టి వదిలేయొద్దు, ఆ ముక్క కొత్తది వేయించండి.